‘పరిశోధనలో తేలింది’ అన్న వార్తను చదవడం ఎలా?

మా ఊరి టీ కొట్టుకి పేపరు ఆరున్నరకి వస్తుంది. ఏడయ్యేసరికి ఎవరో ఒకరు మా గేటు దగ్గర నిలబడి ఉంటారు.

“ఏవండీ, బీపీ మాత్ర వల్ల కేన్సర్ ముప్పు రెట్టింపు అవుద్దంట కదండీ?”

“ఎవరు చెప్పారు?”

“యూనివర్సిటీ వాళ్లే కనిపెట్టారంటండి. వాట్సాప్‌లో వచ్చింది, ఆయ్. మొన్నటి నుంచి మానేశానండి.”

కోనసీమలో ప్రాథమిక ఆరోగ్య కేంద్రాల్లో ముప్పై ఏళ్లు పనిచేసి, హెల్త్ సూపర్‌వైజర్‌గా రిటైరయ్యాను. ఈ గేటు డ్యూటీకి మాత్రం రిటైర్మెంట్ లేదు. మాత్ర మానేసేవాళ్లు ఒక రకం. “అంతా మందుల కంపెనీల నాటకమండి, ఏ పరిశోధనా నమ్మకూడదు” అని పేపరు మడిచి పడేసేవాళ్లు రెండో రకం. ఈ రెండో రకం వాళ్లకి తాము మహా తెలివైనవాళ్లమని నమ్మకం. వార్త పూర్తిగా చదవకపోవడంలో మాత్రం ఇద్దరూ ఇద్దరే. చదవడానికి ఒక పద్ధతుంది. చెప్పి చెప్పి నోరు నొప్పెట్టింది కాబట్టి రాస్తున్నాను.

కావలసినవి

కత్తెర, పెన్సిలు, రబ్బరు, రెండు వందల పేజీల నోటుపుస్తకం, నెట్ ఉన్న ఫోను. పెన్ను వాడకూడదు. ఎందుకో చివర్లో తెలుస్తుంది. ఇరవై నిమిషాలు చాలు.

1. కత్తిరించి పక్కన పెట్టండి

వార్త కత్తిరించి, తేదీ వేసి, ఒక రాత్రి ఆగండి. వాట్సాప్‌లో వచ్చిందైతే చేత్తో రాసుకోండి. రాస్తుండగానే సగం మెసేజ్‌ల పస తెలిసిపోతుంది. ఆ రాత్రి మాత్ర వేళకి మాత్ర వేసుకోండి.

2. నాలుగు గీతలు గీయండి

ఎవరు చేశారు, ఎక్కడ అచ్చయింది, ఎవరి మీద చేశారు, ఎన్నాళ్లు చూశారు. ఈ నాలుగింటి కిందా గీత పడాలి. మూడో గీత ఎలుకల కింద పడితే కంగారు అక్కర్లేదు. మన చేలల్లో ఎలుకలు ఏం తిని బతుకుతున్నాయో అందరికీ తెలుసు, మనం అలా బతకలేం కదా. గాజు గిన్నెలో కణాల మీద చేశారంటే మనకి ఇంకా దూరం. ఏ పత్రికో చెప్పకుండా “విదేశీ శాస్త్రవేత్తలు” అని మాత్రమే ఉంటే ఆ కాగితం పొయ్యిలోకి. మన దేశంలో కొత్త మందు మనుషుల మీద ప్రయోగించారంటే అది సీటీఆర్‌ఐ అనే రిజిస్ట్రీలో నమోదై ఉండాలి. 2009 నుంచి అది తప్పనిసరి. ఆ వెబ్‌సైట్‌లో ఎవరైనా వెతుక్కోవచ్చు.

ఇక్కడ అందరూ విలేకరిని తిడతారు. నేనూ తిట్టేవాణ్ణి. కార్డిఫ్ విశ్వవిద్యాలయం వాళ్లు ఒక పని చేశారు. బ్రిటన్‌లోని 20 విశ్వవిద్యాలయాలు 2011లో ఆరోగ్య పరిశోధనల గురించి ఇచ్చిన 462 పత్రికా ప్రకటనల్ని అసలు పరిశోధన పత్రాల పక్కన పెట్టి చూశారు. 2014లో బీఎంజే అనే బ్రిటిష్ వైద్య పత్రికలో వచ్చింది. దాదాపు 40 శాతం ప్రకటనల్లో జనానికిచ్చిన సలహా అసలు పత్రంలో ఉన్నదానికంటే ఘాటుగా ఉంది. మూడో వంతు ప్రకటనల్లో, రెండు విషయాలు కలిసి కనిపించాయన్న మాట కాస్తా దీనివల్లే అది వచ్చింది అని మారిపోయింది. అంటే కారం వంటింట్లోనే ఎక్కువైంది. వడ్డించినవాణ్ణి తిట్టి లాభమేంటి?

3. ‘ఎంతమందిలో?’ అని అడగండి

ఇక్కడ తొందర పనికిరాదు. చదువుకున్నవాళ్లు కూడా ఈ మెట్టు మీదే జారతారు. మిగతావన్నీ ఎగరగొట్టినా క్షమిస్తాను గానీ, దీన్ని ఎగరగొట్టినవాళ్లతో మాత్రం నేను వాదించను.

దాళ్వాలో దిగుబడి ఇరవై శాతం పెరుగుతుందని ఎరువుల కొట్టాయన అంటే మన రైతు నోట్లోంచి వచ్చే మొదటి మాట “ఎన్ని బస్తాల మీదండి?” అనే. అదే రైతు “ముప్పు ఇరవై శాతం పెరుగుతుంది” అని పేపర్లో చదివితే ఏమీ అడగడు, మాత్ర మానేస్తాడు. బస్తా మీదున్న తెలివి ఒంటి మీద ఎందుకుండదో నాకు ఈనాటికీ అర్థం కాదు.

1995లో బ్రిటన్‌లో ఇదే జరిగింది. కొత్త రకం గర్భనిరోధక మాత్రలతో రక్తం గడ్డకట్టే ముప్పు రెట్టింపు అవుతుందని అక్కడి మందుల భద్రతా కమిటీ డాక్టర్లకి ఉత్తరాలు రాసింది. పేపర్లు వంద శాతం పెరిగిందన్నాయి. ఎంతమందిలో అని చూస్తే, పాత మాత్రలతో 7,000 మందిలో ఒకరికి, కొత్త వాటితో 7,000 మందిలో ఇద్దరికి. అబద్ధమేమీ లేదు, ఒకటికి రెండు రెట్టింపే. కానీ భయపడి చాలామంది ఆడవాళ్లు మాత్రలు ఆపేశారు. మరుసటి ఏడాది ఒక్క ఇంగ్లండు, వేల్స్‌లోనే అబార్షన్లు సుమారు 13,000 పెరిగాయి. పైగా గర్భంలో రక్తం గడ్డకట్టే ముప్పు ఆ మాత్రల ముప్పు కంటే ఎక్కువ.

కాబట్టి వార్తలో శాతం కనపడగానే పక్కన పెన్సిలుతో “1000లో ?” అని రాయండి. నూటికి రాయొద్దు, లక్షకి రాయొద్దు. వెయ్యికే రాయాలి. ఎందుకంటే మన దగ్గర కొబ్బరికాయ ధర వెయ్యికి ఇంత అని చెప్పుకుంటాం, వెయ్యి అనగానే కళ్లముందు ఒక రాశి కనపడుతుంది. లక్ష అంటే ఎవరికీ ఏమీ కనపడదు. డాక్టర్లు వేరే పద్ధతులు చెబుతారు, అవి వాళ్ల దగ్గరే ఉంచుకోమనండి.

ఇప్పుడు ఒకే శాతాన్ని రెండు రాశుల మీద పెట్టి చూడండి. ఒక జబ్బు వెయ్యిమందిలో అయిదుగురికి వచ్చేది, మందు వాడితే నలుగురికి వచ్చింది. ఇరవై శాతం తగ్గింది. ఇంకో జబ్బు వెయ్యిమందిలో 200 మందికి వచ్చేది, 160 మందికి వచ్చింది. అదీ ఇరవై శాతమే. మొదటి దాంట్లో ఒక్కరు తప్పించుకున్నారు, రెండో దాంట్లో నలభై మంది. పేపర్లో రెండు వార్తలకీ ఒకే అచ్చు, ఒకే సైజు హెడ్డింగు. మందు అమ్మేవాడు ఎప్పుడూ శాతమే చెబుతాడని గుర్తుంచుకోండి. అలాగని చిన్న సంఖ్య కనపడగానే “ఓస్ ఇంతేనా” అనడం కూడా తప్పే. వెయ్యిలో ఒక్కరంటే కోటిమందిలో పదివేల మంది. ప్రభుత్వం పట్టించుకోవాల్సిన లెక్క అది. మీరు ఒక్కరూ మాత్ర మానెయ్యాల్సిన లెక్క కాకపోవచ్చు.

సంఖ్య ఎక్కడ దొరుకుతుంది? పరిశోధన పేరు నెట్‌లో కొడితే అసలు పత్రం సారాంశం చాలాసార్లు ఉచితంగానే వస్తుంది. ఇంగ్లీషు రాకపోయినా అంకెలు అంకెలే. ఫలితాల పేరాలో రెండు గుంపుల్లో ఎంతమంది, అందులో ఎంతమందికి అని ఉంటుంది. అది ఎక్కడా లేకపోతే నోటుపుస్తకంలో “లేదు” అని రాసి మూసెయ్యండి. లేని అంకె ఊహించుకుని నిర్ణయం తీసుకోవడం కంటే బుద్ధితక్కువ పని ఇంకోటి లేదు.

గుంపు చిన్నదైతే ఇంకో మోసం ఉంటుంది. 2015లో జాన్ బొహానన్ అనే పాత్రికేయుడు, విలేకరులు ఎంత సులువుగా బోల్తా పడతారో చూపడానికి, చాక్లెట్ తింటే త్వరగా బరువు తగ్గుతారని కావాలనే పనికిమాలిన అధ్యయనం ఒకటి చేయించాడు. పదిహేనుమంది మనుషులు, 18 రకాల కొలతలు. అన్ని కొలిస్తే ఏదో ఒకటి గాలివాటుగా కలిసి రాకుండా ఎలా ఉంటుంది? సంక్రాంతికి పద్దెనిమిది పందేలు కాసి, గెలిచిన ఒక్క కోడి గురించే ఊరంతా చెప్పుకున్నట్టు. చాలా దేశాల పేపర్లు వేసుకున్నాయి.

ఇంకొకటి నా సొంత రిజిస్టరు నుంచి. ఒక ఏడాది ఇంటింటికీ వెళ్లి బీపీ చూడమన్నారు. నెల తిరిగేసరికి మా పరిధిలో బీపీ ఉన్నవాళ్ల సంఖ్య మూడింతలైంది. జబ్బు ఆ నెలలో గోదావరి ఈదుకుంటూ రాలేదు. అంతకుముందు చూసినవాళ్లు లేరు, అంతే. అందుకే “కేసులు పెరిగాయి” అని చదివినప్పుడు “ఎంతమందిని చూస్తే?” అని కూడా అడగండి. ఇది అడగని వార్తే ఎక్కువ.

ఫ్యాక్ట్ చెక్ సైట్లు ఉన్నాయి కదా అని మా అబ్బాయి అంటాడు. ఉన్నాయి, మంచివే. కానీ అవి నిజమా, అబద్ధమా అని ముద్ర వేస్తాయి. 7,000లో ఇద్దరన్న వార్తకి ఏ ముద్ర వేస్తారు?

4. లెక్క ఎవరు చూశారో చూడండి

2020 మే నెలలో లాన్సెట్ అనే వైద్య పత్రికలో, కొవిడ్ రోగుల్లో హైడ్రాక్సీక్లోరోక్విన్ అనే మలేరియా మందు వాడినవాళ్లలో మరణాలు ఎక్కువని ఒక పత్రం వచ్చింది. 671 ఆసుపత్రులు, దాదాపు 96,000 మంది రోగులు. అంత పెద్ద గుంపు చూసి ప్రపంచ ఆరోగ్య సంస్థే ఆ మందు మీద తన ప్రయోగం కొన్నాళ్లు ఆపింది. అయితే అందులో ఆస్ట్రేలియాలోని అయిదు ఆసుపత్రుల్లో ఏప్రిల్ 21 నాటికి 73 మరణాలని రాశారు. ఆ తేదీకి ఆస్ట్రేలియా మొత్తం మీద లెక్కకెక్కిన మరణాలు 67. రోగుల వివరాలిచ్చిన సర్జిస్ఫియర్ కంపెనీని లెక్క చూపించమంటే, ఆసుపత్రులతో ఒప్పందాలున్నాయి, గోప్యత అంది. జూన్ 4న పత్రం వెనక్కి తీసుకున్నారు. గోప్యత రోగిది. దాని చాటున దాక్కుంది కంపెనీ.

నాలుగో మెట్టుకి ఇంతే. అసలు లెక్క బయటివాళ్లెవరైనా చూశారా అని వెతకండి, కనపడకపోతే ప్రశ్నార్థకం పెట్టండి.

5. మీ వివరాలే అడిగితే

వార్తలో లెక్క ఎవరిదో అనుకుంటాం. రేపు అది మనదే. ఆ మధ్య మా ఊళ్లో ఎవరో ఉచిత షుగర్ క్యాంపు పెట్టి ఆధార్ జిరాక్సు, ఫోన్ నంబరు తీసుకున్నారు. మా బావగారు ఎగబడి ఇచ్చారు. వారం తిరగకుండా షుగర్ పొడి అమ్ముతామని ఫోన్లు. వేలికి సూది గుచ్చడానికి ఆధార్ ఎందుకని ఒక్కరూ అడగలేదు.

“పేర్లు తీసేస్తామండి” అంటారు. అక్కడా మూడో మెట్టు ప్రశ్నే అడగాలి. పేరు లేకపోయినా నాలాంటివాళ్లు ఎంతమంది ఉంటారు? అమెరికాలోని మసాచుసెట్స్‌లో ప్రభుత్వోద్యోగుల ఆసుపత్రి రికార్డులు పేర్లు తీసేసి పరిశోధకులకిచ్చారు. లతాన్యా స్వీనీ అనే విద్యార్థిని 20 డాలర్లకి కేంబ్రిడ్జ్ ఊరి ఓటర్ల జాబితా కొని, పుట్టినతేదీ, పిన్‌కోడ్, ఆడా మగా అన్న మూడు వివరాలతో ఏకంగా గవర్నర్ విలియం వెల్డ్ రికార్డు బయటికి తీసింది. ఆ పుట్టినతేదీ ఉన్నవాళ్లు ఊళ్లో ఆరుగురు, మగవాళ్లు ముగ్గురు, ఆ పిన్‌కోడ్‌లో ఒక్కడే. మన పల్లెల్లో అంత శ్రమ కూడా అక్కర్లేదు. “యాభై రెండేళ్లు, రొయ్యల చెరువు, డయాలసిస్” అంటే చాలు, టీ కొట్టు దగ్గర ఇంటి గుర్తులు కూడా చెబుతారు.

2023లో వచ్చిన డిజిటల్ వ్యక్తిగత డేటా రక్షణ చట్టం ఉంది కదా అని ధీమాగా ఉండకండి. నిర్దేశించిన ప్రమాణాలు పాటిస్తూ, ఒక మనిషి గురించి నిర్ణయం తీసుకోవడానికి వాడకుండా చేసే పరిశోధనకి ఆ చట్టంలో మినహాయింపు ఉంది. కాబట్టి ఇచ్చే ముందే అడగాలి. ఎవరి కోసం, ఎన్నాళ్లు దాస్తారు, పరిశోధనలో మనుషులకి అన్యాయం జరక్కుండా చూసే ఎథిక్స్ కమిటీ అనుమతి కాగితం ఏది, మధ్యలో వద్దంటే తీసేస్తారా. అడిగితే విసుక్కునేవాళ్లకి ఇవ్వకండి.

సంతకం మీదే ఉండాలి. 2009లో, గోదావరికి పైన, అప్పటి ఖమ్మం జిల్లాలో ఒక అధ్యయనం కింద సుమారు 14,000 మంది బాలికలకి గర్భాశయ ముఖద్వార కేన్సర్ రాకుండా వేసే హెచ్‌పీవీ టీకా వేశారు. చాలాచోట్ల తల్లిదండ్రుల బదులు హాస్టల్ వార్డెన్లు సమ్మతి పత్రాల మీద సంతకాలు పెట్టేశారు. 2010 ఏప్రిల్‌లో దాన్ని ఆపేశారు. 2013లో పార్లమెంటరీ సంఘం గట్టిగా తప్పుపట్టింది. కొందరు బాలికలు చనిపోయారు గానీ, ఆ మరణాలు టీకా వల్లేనని విచారణలో తేలలేదు. మా వైపు జనానికి మాత్రం “ఆ టీకా వేస్తే చచ్చిపోతారంట” అన్నదొక్కటే మిగిలింది. తప్పు సంతకం దగ్గర జరిగింది, శిక్ష టీకాకి పడింది. ఇది గుర్తొస్తే నాకు ఇప్పటికీ ఒళ్లు మండుతుంది.

6. అంటించి, ఆరు నెలలకి తిరగెయ్యండి

కత్తిరింపు ఎడమ పేజీలో, మీ గీతలూ అంకెలూ కుడి పేజీలో. అన్నం మెతుకులతో అంటించొద్దు, చీమలు పడతాయి. ఆరు నెలల తర్వాత అదే విషయం మళ్లీ వెతికి ఏం మారిందో రాయండి. మారితే పాతది రబ్బరుతో చెరపాలి. పెన్ను వద్దన్నది అందుకే.

నా పుస్తకంలో 2020 డిసెంబరు పేజీ ఒకటుంది. ఏలూరులో జనం ఉన్నట్టుండి ఫిట్స్ వచ్చి పడిపోయిన వారం. వందలమంది ఆసుపత్రిలో చేరారు. రెండో రోజే నేను కుడి పేజీలో “బ్లీచింగ్ ఎక్కువైంది” అని రాసేశాను. రాయడమే కాదు, టీ కొట్టు దగ్గర చెప్పాను కూడా. మా వీధిలో రెండిళ్లవాళ్లు బిందెలో క్లోరిన్ బిళ్ల వెయ్యడం మానేశారు. ఆ తర్వాత ఢిల్లీ ఎయిమ్స్ పరీక్షల్లో రక్తంలో సీసం, నికెల్ కనిపించాయన్నారు. మరికొన్ని రోజులకి నిపుణులు పురుగుమందుల అవశేషాలే కారణం కావచ్చన్నారు. నేను రాసింది చెరిపి, ఆ రెండిళ్లకీ వెళ్లి బిళ్లలు మళ్లీ వెయ్యమని చెప్పొచ్చాను. ఒకావిడ “మీరే కదండీ వద్దన్నారు?” అంది.

ఎంత రుద్దినా ఆ పేజీలో ‘బ్లీచింగ్’ అన్న మాట గుర్తు పోలేదు. గట్టిగా నొక్కి రాసినట్టున్నాను.