మొదటి ట్యూబ్ యాంప్ కట్టేవాళ్లకు: మీటరు ముందు, గిటార్ తర్వాత

నేను కట్టిన మొదటి యాంప్ ఆన్ చేసిన కాసేపటికే కీచుమని అరిచింది. గిటార్ ఇంకా సంచిలోనే ఉంది. గబుక్కున ప్లగ్ పీకేసి, చాలాసేపు దాని జోలికి పోకుండా కూర్చున్నాను. తర్వాత మూడు సాయంత్రాలు ట్యూబులు మార్చాను, టంకాలు మళ్లీ పెట్టాను, బాగున్న కెపాసిటర్లు కూడా పీకేశాను. చివరికి తేలిందేమిటంటే, ఔట్‌పుట్ ట్రాన్స్‌ఫార్మర్ వైర్లు రెండు తారుమారయ్యాయి. సరిచేయడానికి పట్టింది రెండు నిమిషాలు.

పని ఒక వరసలో చేసి ఉంటే ఆ మూడు సాయంత్రాలు మిగిలేవి. అందుకే ఇక్కడ సర్క్యూట్ కన్నా ఆ వరస గురించే ఎక్కువ చెబుతాను.

మొదటిసారికి ఫెండర్ ఛాంప్ 5ఎఫ్1 సర్క్యూట్ తీసుకోండి. 1950ల నాటి చిన్న యాంప్ ఇది. ఇందులో మూడే ట్యూబులు. (పాత రేడియోలు బాగుచేసినవాళ్లు వాల్వులంటారు, రెండూ ఒకటే.) ముందు 12ఏఎక్స్7 ఉంటుంది. దాని ఒక్క గాజు బుడ్డిలోనే రెండు ట్రయోడ్లు (సిగ్నల్‌ను పెంచే భాగాలు) ఉంటాయి కాబట్టి పెంచే పని రెండు స్టేజీలూ అందులోనే అయిపోతాయి. తర్వాత స్పీకర్‌ను నడపడానికి 6వి6. ఏసీని డీసీగా మార్చడానికి 5వై3 రెక్టిఫయర్. నాబ్ ఒక్కటే, వాల్యూమ్. ఐదు వాట్లేగా అనుకోకండి, పూర్తిగా తిప్పితే పక్కింటివాళ్లు వచ్చి తలుపు కొడతారు. కొందరు మొదటిసారే 50 వాట్ల పెద్ద యాంప్‌తో మొదలుపెడతారు. ఫేజ్ ఇన్వర్టర్, బయాస్ సప్లై, నాలుగైదు నాబ్‌లు, ఇన్నింటి మధ్య తప్పు ఎక్కడుందో వెతకడం కొత్తవాళ్ల వల్ల కాదు.

ఇక షాక్ సంగతి. ఈ చిన్న యాంప్‌లో కూడా సుమారు 340 వోల్టుల డీసీ ఉంటుంది. ప్రాణం తీయడానికి అది చాలు. పైగా ప్లగ్ తీసేసినా ఫిల్టర్ కెపాసిటర్లలో (డీసీలోని ఒడుదుడుకులను నునుపు చేసేవి) ఆ వోల్టేజీ నిలిచే ఉంటుంది. అందుకే మొదటి ఫిల్టర్ కెపాసిటర్ రెండు కొసలనూ కలుపుతూ 220కె (2,20,000 ఓమ్‌లు), 2 వాట్ల రెసిస్టర్ ఒకటి శాశ్వతంగా పెట్టేయండి. స్విచ్ ఆపాక నిమిషంలోపు కెపాసిటర్లు ఖాళీ అవుతాయి. అయినా ఆ రెసిస్టర్‌ను నమ్మి చెయ్యి పెట్టకండి. ప్రతిసారీ మల్టీమీటరుతో వోల్టేజీ చూసి, సున్నా దగ్గరికి వచ్చాకే ముట్టుకోండి. కరెంటు ఉన్నప్పుడు కొలవాల్సి వస్తే మీటరు నల్ల వైరును క్లిప్‌తో చాసీకి (యాంప్ లోహపు పెట్టెకు) తగిలించి, ఎర్ర వైరు ఒక్కటే చేత్తో పట్టుకోండి. రెండో చెయ్యి జేబులో ఉండాలి. ఉంగరాలు, గొలుసులు తీసేయండి. ఇంట్లో ఇంకెవరూ లేనప్పుడు ఈ కొలతలు వద్దు.

డబ్బు పెట్టాల్సింది ట్రాన్స్‌ఫార్మర్ల మీద. పవర్ ట్రాన్స్‌ఫార్మర్ ప్రైమరీ (కరెంటు లోపలికి వెళ్లే చుట్ట) మీ మెయిన్స్ వోల్టేజీకి సరిపోవాలి. సెకండరీలో (బయటికి వచ్చే వైపు) హై టెన్షన్, అంటే ఎక్కువ వోల్టేజీ వైండింగ్, రెక్టిఫయర్‌కు 5 వోల్టులు 2 ఆంపియర్లు, మిగతా రెండు ట్యూబుల హీటర్లకు 6.3 వోల్టులు కావాలి. 12ఏఎక్స్7 హీటర్ 0.3 ఆంపియర్లు, 6వి6 హీటర్ 0.45 ఆంపియర్లు తీసుకుంటాయి కాబట్టి 1 ఆంపియర్ వైండింగ్ సరిపోతుంది. ఔట్‌పుట్ ట్రాన్స్‌ఫార్మర్ మాత్రం తప్పనిసరిగా సింగిల్ ఎండెడ్ (ఇలా ఒకే పవర్ ట్యూబ్ నడిపే) రకమే కావాలి. ఇక్కడ ప్రైమరీలో డీసీ ఎడతెగకుండా పారుతూనే ఉంటుంది. కోర్ (లోపలి ఇనుము) శాచురేట్ కాకుండా, అంటే అయస్కాంతత్వంతో నిండిపోకుండా, ఆ రకంలో చిన్న గాలి సందు వదులుతారు. ఇంట్లో పడి ఉన్న పుష్‌పుల్ (జంట పవర్ ట్యూబుల) ట్రాన్స్‌ఫార్మర్‌తో సరిపెడదామంటే కుదరదు.

ఫిల్టర్ కెపాసిటర్ల దగ్గర నేను ఒకసారి తెలివి చూపించబోయాను. అసలు సర్క్యూట్‌లో 16, 8, 8 మైక్రోఫారడ్‌లు ఉంటాయి. హమ్ (గుయ్‌మనే మోత) తగ్గుతుంది కదా అని మొదటి స్థానంలో 100 పెట్టాను. ఆన్ చేయగానే 5వై3 లోపల నీలంగా మెరుపు మెరిసింది, రెక్టిఫయర్ పోయింది. ఖాళీ కెపాసిటర్ ఒక్కసారిగా లాగే కరెంటును ఆ ట్యూబ్ తట్టుకోలేదు. హమ్ ఇంకా తగ్గాలంటే రెండో, మూడో కెపాసిటర్‌ను పెంచండి, మొదటిదాన్ని అలాగే ఉంచండి. ఇంకో సంగతి. 5వై3 ఫిలమెంట్ క్షణాల్లో వేడెక్కుతుంది, 6వి6 మాత్రం తీరిగ్గా వేడెక్కుతుంది. ఆ మధ్యలో కరెంటు లాగేవాళ్లు ఎవరూ లేక వోల్టేజీ శిఖరానికి పోతుంది. 325 వోల్టుల వైండింగ్ అయితే దాన్ని 1.414తో గుణించండి, దాదాపు 460. అందుకే 450 వోల్టుల కెపాసిటర్లు కాకుండా 500 వోల్టులవి కొనండి.

చాసీకి రంధ్రాలు పెట్టే ముందు ట్రాన్స్‌ఫార్మర్ల స్థానం తేల్చుకోండి. రెండింటి కోర్‌లూ ఒకదానికొకటి అడ్డంగా ఉండాలని అందరూ చెబుతారు. అంతకన్నా మంచి చిట్కా ఒకటుంది. పవర్ ట్రాన్స్‌ఫార్మర్ సెకండరీ వైర్లన్నిటినీ విడివిడిగా టేపుతో చుట్టి, ప్రైమరీకి మాత్రం కరెంటు ఇవ్వండి. ఔట్‌పుట్ ట్రాన్స్‌ఫార్మర్ సెకండరీకి పాత హెడ్‌ఫోన్ ఒకటి తగిలించి చెవిలో పెట్టుకోండి. ఆ ఔట్‌పుట్ ట్రాన్స్‌ఫార్మర్‌ను చాసీ మీద మెల్లగా జరుపుతూ, తిప్పుతూ పోతే ఒకచోట హమ్ దాదాపు మాయమవుతుంది. అక్కడ పెన్సిల్‌తో గీత గీయండి. మొదటిసారి ఇది చేసినప్పుడు నాకు నవ్వొచ్చింది, ఒక్క అంగుళం తేడాకే అంత మార్పు.

వైరింగ్‌లో అన్నిటికన్నా ముందు హీటర్లు. రెండు వైర్లనూ గట్టిగా మెలిపెట్టి, చాసీ మూలకు ఆనించి తీసుకెళ్లండి. 12ఏఎక్స్7లో 4, 5 పిన్నులు కలిపి ఒక వైరు, 9కి రెండోది. 6వి6లో 2, 7. పిన్నులను సాకెట్ కింది వైపు నుంచి చూస్తూ గడియారం తిరిగే దిశలో లెక్కపెట్టాలి. పైనుంచి లెక్కపెట్టి మొత్తం తలకిందులు చేసినవాళ్లలో నేనూ ఉన్నాను. 6.3 వోల్టుల వైండింగ్‌కు సెంటర్ ట్యాప్ లేకపోతే రెండు కొసల నుంచీ చెరో 100 ఓమ్‌ల రెసిస్టర్ గ్రౌండ్‌కు పెట్టండి. ఇవి లేకపోతే ఎంత మంచి ట్యూబ్ పెట్టినా గుయ్‌మంటూనే ఉంటుంది.

మెయిన్స్ ఎర్త్ వైరుకు చాసీ మీద దాని సొంత బోల్టు ఉండాలి, ట్రాన్స్‌ఫార్మర్ బోల్టుకు తగిలించి సరిపెట్టుకోవద్దు. బోల్టు కింద పెయింట్ గీకేసి మెరిసే లోహం కనబడాలి. సర్క్యూట్ గ్రౌండ్‌కూ ఇదే వర్తిస్తుంది. నా రెండో యాంప్‌లో హమ్ కోసం బోర్డు మొత్తం వెతికాక, ఇన్‌పుట్ జాక్ పక్క గ్రౌండ్ ట్యాగ్ కింద పలచటి పెయింట్ పొర కనబడింది. కొండను తవ్వి ఎలుకను పట్టినట్టయింది.

ఇప్పుడు ఆన్ చేసే వరస. దీనికి సిరీస్ బోర్డు కావాలి, అంటే యాంప్‌కు వెళ్లే లైవ్ వైరులో 60 వాట్ల ఫిలమెంట్ బల్బు. ఎల్‌ఈడీ బల్బు పనికిరాదు. ముందు ట్యూబులేవీ పెట్టకుండా ఆన్ చేయండి. బల్బు ఒకసారి మెరిసి ఆరిపోవాలి. నిండుగా వెలుగుతూనే ఉంటే ఎక్కడో షార్ట్ ఉన్నట్టు, వెంటనే ఆపేయండి. బాగుంటే సెకండరీ ఏసీ వోల్టేజీలు చూసుకోండి. తర్వాత 12ఏఎక్స్7, 6వి6 పెట్టండి, రెక్టిఫయర్ వద్దు. అది లేకపోతే హై టెన్షన్ డీసీ పుట్టదు, హీటర్లు మాత్రం ఎర్రగా వెలుగుతాయి. ఆ వెలుగు చూశాక స్పీకర్ తగిలించండి. స్పీకర్ లేకుండా ట్యూబ్ యాంప్ వాయిస్తే ఔట్‌పుట్ ట్రాన్స్‌ఫార్మర్‌లో వోల్టేజీ ఎగిరి ఇన్సులేషన్ కాలిపోవచ్చు.

ఆపైన రెక్టిఫయర్. మీటరును మొదటి ఫిల్టర్ కెపాసిటర్‌కు ముందే క్లిప్ చేసి, వాల్యూమ్ సున్నాలో పెట్టి, ఆన్ చేసి అంకెలు చూస్తూ ఉండండి. పైకి ఎగబాకి, 6వి6 వేడెక్కగానే కిందికి దిగి ఒకచోట ఆగుతుంది. పొగ, వాసన ఏమీ లేకపోతే బల్బు తీసేసి నేరుగా మెయిన్స్‌కు పెట్టండి. బల్బు ఉన్నంతసేపూ కొలతలు తక్కువే చూపిస్తాయి, వాటిని చూసి కంగారుపడకండి. ఇప్పుడు మూడు ఫిల్టర్ కెపాసిటర్ల మీద వరసగా 340, 305, 250 వోల్టుల చుట్టుపక్కల రావాలి. ట్రాన్స్‌ఫార్మర్‌ను బట్టి కాస్త అటూ ఇటూ ఉంటుంది.

అన్నిటికన్నా ముఖ్యమైన కొలత 6వి6 క్యాథోడ్ (ట్యూబ్‌లో ఎలక్ట్రాన్లు బయల్దేరే చోటు) మీద, అంటే 8వ పిన్నులో. అక్కడ 470 ఓమ్‌ల రెసిస్టర్ ఉంది. 19 వోల్టులు వచ్చాయనుకోండి, 19ని 470తో భాగిస్తే సుమారు 40 మిల్లీ ఆంపియర్లు. అందులో స్క్రీన్‌కు (మధ్యలో ఉండే జాలీకి) పోయేది కొంచెం తీసేస్తే ప్లేట్ (ఆ ఎలక్ట్రాన్లు చేరే చోటు) కరెంటు 38 దాకా ఉంటుంది. ప్లేట్‌కూ క్యాథోడ్‌కూ మధ్య 310 వోల్టులుంటే దాదాపు 12 వాట్లు. 6వి6జీటీ పాత డేటాషీట్‌లో ప్లేట్ పరిమితి సరిగ్గా అదే. 14 వాట్లు (తర్వాతి డేటాషీట్ల పరిమితి) దాటినా, గదిలో లైటు ఆపి చూసినప్పుడు ప్లేట్ ఎర్రబారినా, రెసిస్టర్‌ను 560 చేయండి. 5వ పిన్ను, అంటే సిగ్నల్ వచ్చే గ్రిడ్ మీద డీసీ దాదాపు సున్నా ఉండాలి. అక్కడ వోల్టు, రెండు వోల్టులు కనబడితే ముందు స్టేజీ నుంచి సిగ్నల్ తెచ్చే కప్లింగ్ కెపాసిటర్ డీసీని లీక్ చేస్తోంది, దాన్ని మార్చాలి.

వాల్యూమ్ తిప్పకముందే నా యాంప్‌లా కీచుమంటే ఆపేసి, కెపాసిటర్లు ఖాళీ అయ్యాక, స్పీకర్ నుంచి 12ఏఎక్స్7 రెండో క్యాథోడ్‌కు వచ్చే 22కె రెసిస్టర్ ఒక కొస ఊడదీయండి. మళ్లీ ఆన్ చేస్తే అరుపు పోయిందా? అయితే ఫీడ్‌బ్యాక్ (స్పీకర్ నుంచి ఆ రెసిస్టర్ గుండా వెనక్కి వచ్చే సిగ్నల్) తలకిందులుగా వస్తోంది. ఔట్‌పుట్ ట్రాన్స్‌ఫార్మర్ ప్రైమరీ వైర్లు రెండూ అటుదిటు మార్చి, రెసిస్టర్ మళ్లీ తగిలించండి.

అప్పుడు గిటార్. వాయిస్తూ ఉండగా చిటపటలు వస్తే పొడి చెక్క పుల్లతో ఒక్కో టంకాన్నీ, ఒక్కో వైరునూ మెల్లగా నొక్కి చూడండి, దొంగ దొరుకుతుంది. ట్యూబును తడితే స్పీకర్‌లో గంట మోగినట్టు వినిపిస్తే అది మైక్రోఫోనిక్ అయింది, మార్చడమే.

ఖరీదైన కెపాసిటర్ల గురించి చాలామంది అడుగుతారు. నా చెవికి తేడా తెలియలేదు. అదే యాంప్‌ను 8 అంగుళాల స్పీకర్ నుంచి 12 అంగుళాల స్పీకర్‌కు మార్చినప్పుడు మాత్రం వేరే యాంప్ కొన్నంత తేడా వచ్చింది. స్పీకర్ ఇంపీడెన్స్ (ఓమ్‌లలో చెప్పేది) ఔట్‌పుట్ ట్రాన్స్‌ఫార్మర్‌కు సరిపోయిందో లేదో చూసుకోండి, అంతే.

ఇంకొకటి, ఆ 22కె రెసిస్టర్‌కు నేను తర్వాత చిన్న స్విచ్ పెట్టాను. ఫీడ్‌బ్యాక్ తీసేస్తే శబ్దం పెరుగుతుంది, కాస్త మొరటవుతుంది, వాల్యూమ్ సగం దగ్గరే బొంగురుపోతుంది. మూడు సాయంత్రాలు ఏడిపించిన ఆ రెసిస్టర్ ఇప్పుడు నా యాంప్‌లో ఎప్పుడో తప్ప ఆన్‌లో ఉండదు.