కీమో వద్దంటున్న ఇంటి మనిషికీ, కీమో రాసిన డాక్టరుకూ మధ్య మాట కలపడం ఎలా

నెల్లూరు, గూడూరు, సూళ్లూరుపేట వైపు ఎవరింట్లో క్యాన్సర్ అన్న మాట వినబడినా ముందు మద్రాసు రైలెక్కుతారు. మా ఇల్లు మద్రాసులోని వేళచ్చేరిలో. అందుకని మా చుట్టాల్లో ఈ జబ్బు వచ్చినవాళ్లు చాలామంది మా ముందు గదిలోనే దిగుతారు. ఆసుపత్రిలో అరవం మాట్లాడేదీ, ఫైలు పట్టుకునేదీ, మధ్యాహ్నానికి క్యారేజీ తెచ్చేదీ నేనే. వైద్యం మీద అనుమానం లేని రోగిని నేనింతవరకు చూడలేదు. ఆ అనుమానాన్ని డాక్టరు ముందు నోరు తెరిచి చెప్పినవాళ్లు మాత్రం బాగా తక్కువ. అక్కడ తలూపి వచ్చేస్తారు. ఇంటికొచ్చాక ‘ఆ మందు నేను ఎక్కించుకోను’ అంటారు. వారం తిరిగేసరికి ఎవరో చెప్పిన పసరు కోసం బస్సెక్కుతారు. గడ్డ మాత్రం తన పని తాను చేసుకుపోతుంది. అందుకే ఆ అనుమానాన్ని ఎవరి ముందు, ఏ మాటల్లో బయటపెట్టాలో రాస్తున్నాను.

ముందు భయం ఏమిటో కనుక్కోండి

మా వదినకు రొమ్ములో గడ్డ. ముక్క పరీక్ష (బయాప్సీ) అయ్యాక ముందు కీమో, తర్వాత ఆపరేషన్ అన్నారు. ‘నాకొద్దు అమ్మణ్ణీ, అది ఎక్కించుకుంటే ఉన్న ప్రాణం కూడా పోతుందంట’ అంది. అలాంటప్పుడు వాదనకు దిగకండి. ‘డాక్టరు కన్నా నీకెక్కువ తెలుసా’ అంటే నోరు మూసుకుంటారు గానీ మనసు మార్చుకోరు. ఎవరు చెప్పారు, ఎవరికి అలా అయింది, వాళ్లకు ఏ క్యాన్సర్, ఎంత ముదిరాక వెళ్లారు అని నిదానంగా అడగండి. వదిన విషయంలో పక్కింటాయన పోయాడు. ఆయనది కడుపులో క్యాన్సర్, కాలేయానికి పాకాక బయటపడింది. ఆ రాత్రి ఇంకాస్త మాట్లాడితే అసలు సంగతి తెలిసింది. మాఘమాసంలో కూతురి పెళ్లి. గుండుతో పీటల మీద ఎలా కూర్చోవాలన్నది ఆమె బెంగ.

ఈ బెంగను కూడా డాక్టరుకు చెప్పాలి. మేం చెప్పాం. మొదటి డోసు తర్వాత రెండు మూడు వారాల్లో జుట్టు రాలడం మొదలవుతుందనీ, పెళ్లి రోజు నీరసం తక్కువగా ఉండేలా డోసుల తేదీలు చూసుకోవచ్చనీ, సవరాలు కుట్టే మనిషి ఎక్కడున్నారో నర్సమ్మకు తెలుసనీ అప్పుడే తెలిసింది. ప్రాణం పోతుందన్న భయానికి ఒక జవాబు, జుట్టు పోతుందన్న భయానికి ఇంకో జవాబు. రెండూ కలిపేస్తే దేనికీ జవాబు దొరకదు.

డాక్టరును అడగడం

ప్రశ్న అడిగితే డాక్టరు నొచ్చుకుంటారని మనవాళ్లకు జంకు. ఈ వైద్యం బాగుపడిందే ప్రశ్నల వల్ల. ఒకప్పుడు రొమ్ము క్యాన్సర్ అంటే రొమ్ముతో పాటు ఛాతీ కండరాలు, చంకలోని గ్రంథులు అన్నీ తీసేసేవాళ్లు. 19వ శతాబ్దం చివర్లో హాల్‌స్టెడ్ అనే సర్జన్ ప్రచారంలోకి తెచ్చిన ఆ పద్ధతిని బెర్నార్డ్ ఫిషర్ అనే ఇంకో సర్జన్ ప్రశ్నించాడు. గడ్డ వరకు తీసి కరెంటు (రేడియేషన్) పెడితే బతికే అవకాశం తగ్గడం లేదని ఆయన బృందం 1985లో చూపించింది. 20 ఏళ్లు గమనించి 2002లో మళ్లీ అదే మాట చెప్పింది. 2018లో 10 వేల పైచిలుకు మహిళలతో చేసిన టైలర్‌ఎక్స్ అధ్యయనం వచ్చింది. హార్మోన్ పాజిటివ్ (గడ్డ కణాల్లో హార్మోన్ గ్రాహకాలున్న), హెర్2 నెగెటివ్ (హెర్2 అనే ప్రోటీన్ ఎక్కువగా లేని), చంక గ్రంథులకు పాకని రకంలో, గడ్డ మీద చేసే జన్యు పరీక్ష స్కోరు మధ్యస్థంగా వస్తే, 50 దాటినవాళ్లలో ఎక్కువమందికి హార్మోన్ మాత్రలే చాలు, కీమో అక్కర్లేదని తేలింది. కాబట్టి ‘నాకు కీమో తప్పదా’ అన్నది తెలివైన ప్రశ్న. అయితే దాని జవాబు మీ రిపోర్టులో ఉంటుంది, పక్కింటి వాళ్ల అనుభవంలో ఉండదు.

వెళ్లేముందు ఫైలు సర్దుకోండి. ముక్క పరీక్ష రిపోర్టు పైన పెట్టండి. రొమ్ము క్యాన్సర్ అయితే ఈఆర్, పీఆర్ (ఈ రెండూ హార్మోన్ గ్రాహకాలు), హెర్2 అన్న మూడింటి ఫలితం అందులో ఉందో లేదో చూడండి. స్కాన్ రిపోర్టుతో పాటు సీడీ కూడా ఉండాలి. ఒక తెల్లకాగితం మీద వయసు, షుగర్, బీపీ, వాడుతున్న మాత్రలన్నీ రాయండి. ఓపీలో మన వంతు వచ్చేసరికి డాక్టరు ఎంతో మందిని చూసి ఉంటారు. అందుకని ప్రశ్నలు కాగితం మీద ఉండాలి, ముఖ్యమైనది మొదట అడగాలి.

నేను మొదట అడిగేది ఇది: ‘మేడమ్, ఈ వైద్యం జబ్బు పూర్తిగా నయం చేయడానికా, అదుపులో ఉంచడానికా, బాధ తగ్గించడానికా?’ ఈ ఒక్క జవాబును బట్టి మిగతా నిర్ణయాలన్నీ మారతాయి. దాని తర్వాత: ‘మా వదిన లాంటివాళ్లు వందమంది ఈ మందు తీసుకుంటే పదేళ్లకు ఎంతమంది బాగుంటారు? తీసుకోకపోతే ఎంతమంది?’ వందమంది లెక్కలోనే చెప్పమని పట్టుబట్టండి. ముప్పు 30 శాతం తగ్గుతుందంటే గొప్పగా వినిపిస్తుంది. వందలో 50 మందికి తిరగబెట్టే జబ్బయితే అది 35కు దిగుతుంది, పదిహేను మందికి మేలు. పది మందికే తిరగబెట్టే జబ్బయితే ఏడుకు దిగుతుంది, ముగ్గురికి మేలు. ఆ ముగ్గురి కోసం ఇంత బాధ పడాలా అన్నది రోగి తేల్చుకోవాల్సిన మాట. పడతాననేవాళ్లూ ఉంటారు, వద్దనేవాళ్లూ ఉంటారు.

తర్వాత దుష్ఫలితాల గురించి అడగండి. అందరికీ వచ్చేవేవి, అరుదుగా వచ్చినా ప్రమాదమైనవేవి, ఎప్పటికీ పోనివేవి? గుండెను దెబ్బతీయగల మందైతే ఎకో (గుండె స్కాన్) ఎప్పుడెప్పుడు తీస్తారు? పిల్లలు కావాలనుకునే వయసైతే ఈ మాట కీమో మొదలయ్యే ముందే తేలాలి. చివరగా, ‘రెండు వారాలు ఆగితే నష్టమా?’ అని అడగండి. చాలా గడ్డ జబ్బుల్లో ఇంకో డాక్టరును కలిసేంత వ్యవధి ఉంటుంది. అక్యూట్ లుకేమియా లాంటి రక్త క్యాన్సర్లలో, వెన్నుపాము నొక్కుకుపోతున్నప్పుడు ఆ వ్యవధి ఉండదు.

రెండో అభిప్రాయానికి వెళ్లడం మొదటి డాక్టరును అవమానించడం కాదు. ముక్క పరీక్ష తాలూకు స్లైడ్లు, మైనపు బ్లాకు అడిగి తీసుకోండి. ముత్తులక్ష్మీ రెడ్డి గారి పూనికతో 1954లో మొదలైన అడయారు క్యాన్సర్ ఇన్‌స్టిట్యూట్ గానీ, బెంగళూరులో కిద్వాయ్ గానీ, వైద్యం తక్షణం మొదలు పెట్టాల్సిన అవసరం లేకపోతే ఎక్కడైనా చూపించవచ్చు. ఆంధ్ర కార్డు ఉన్నవాళ్లు ఎన్టీఆర్ వైద్య సేవ జాబితాలో ఆ ఆసుపత్రి, ఆ చికిత్స ఉన్నాయో లేదో అడ్మిషన్‌కు ముందే అడగాలి. ఇద్దరు డాక్టర్లూ ఒకే మాట చెబితే మూడో, నాలుగో వారి కోసం తిరగడం మానేయండి.

ఆకుమందును కూడా అవే ప్రశ్నలు అడగండి

లక్ష్మణ ఫలం, గోధుమగడ్డి రసం, తిప్పతీగ, గోమూత్రం. వదినకు ఫోన్లో వచ్చిన సలహాలివి. పంపినవాళ్లందరూ ప్రేమతోనే పంపారు. ఆ మందు ఇచ్చేవాళ్లను కూడా వందమంది లెక్క అడగండి. ఎంతమందికి ఇచ్చారు, ముందూ వెనకా స్కాన్లు ఉన్నాయా, వాళ్లలో ఆపరేషనో కీమోనో అయినవాళ్లెందరు? నేనడిగినచోట బాగైనవాళ్ల పేర్లు చెప్పారు. బాగుకానివాళ్ల లెక్క ఎవరూ ఉంచలేదు.

ఆ లెక్క అమెరికాలో యేల్ విశ్వవిద్యాలయం వాళ్లు తీసి 2018లో ప్రచురించారు. నయమయ్యే దశలో ఉండి, మామూలు వైద్యం పూర్తిగా వదిలేసి ప్రత్యామ్నాయ పద్ధతులనే నమ్ముకున్న 281 మందిని, వైద్యం చేయించుకున్నవాళ్లతో పోల్చారు. వదిలేసినవాళ్లకు చనిపోయే ముప్పు రెండున్నర రెట్లు. రొమ్ము క్యాన్సర్‌లో అయిదు రెట్లకు పైన. వేళకు వైద్యం అందితే బతికే మనుషులు వీళ్లు. నా పట్టుదలంతా ఇక్కడే.

మొక్కల మీద ఆధునిక వైద్యానికి చిన్నచూపు లేదు. మన పెరట్లో పూసే బిళ్ళగన్నేరు నుంచే విన్‌క్రిస్టిన్, విన్‌బ్లాస్టిన్ తీశారు. పిల్లల రక్త క్యాన్సర్‌లో విన్‌క్రిస్టిన్ ఇవాళ్టికీ ముఖ్యమైన మందు. కానీ ఆ ఆకు నూరుకు తాగితే ఎంత మందు ఒంట్లోకి పోయిందో ఎవరికీ తెలియదు, విషమవుతుంది. తిప్పతీగ వాడినవాళ్లలో కాలేయం దెబ్బతిన్న కేసులను 2021లో ముంబయి వైద్యులు ప్రచురించారు. కూరలో పసుపు సంగతి వేరు, పసుపు సారంతో చేసిన మాత్రల సంగతి వేరు. ఆ మాత్రలతోనూ కాలేయం పాడైన కేసులున్నాయి. కీమో మందుల్లో చాలావాటిని ఒంట్లోంచి పంపేది కాలేయమే. అందుకని ఏ సీసా, ఏ పొడి, ఏ మాత్ర వాడుతున్నా సంచిలో వేసుకెళ్లి డాక్టరు బల్ల మీద పెట్టండి. తిడతారని దాచకండి.

తిండి, నడక

చక్కెర మానేస్తే గడ్డ మాడిపోతుందని అన్నం కూడా మానేసి చిక్కిపోయినవాళ్లను చూశాను. ఒంట్లో ప్రతి కణమూ గ్లూకోజ్ వాడుతుంది, మనం తినకపోతే కాలేయం తయారు చేస్తుంది. వైద్యం నడిచేటప్పుడు బరువు తగ్గకుండా, కండ కరగకుండా చూసుకోవడమే పథ్యం. బాగా ఉడికిన గుడ్డు, పప్పు, పెరుగు, చేప. కీమో తర్వాత వదినకు తిరగమోత వాసన పడేది కాదు. నేను తలుపు వేసి వండి, చల్లారాక పెట్టేదాన్ని. స్టీలు చెంచా నోట్లో ఇనుము రుచి తెస్తుందంటే ప్లాస్టిక్ చెంచా ఇచ్చాను. నోరు పూసినప్పుడు లీటరు కాచి చల్లార్చిన నీళ్లలో ఒక టీస్పూను ఉప్పు, ఒక టీస్పూను వంటసోడా కలిపి రోజుకు నాలుగైదు సార్లు పుక్కిలించాలి. ఆ రోజుల్లో ఆవకాయ దగ్గరికి రానీయకండి. పెరుగన్నం, చల్లారిన రాగి జావ దిగుతాయి.

పొగ, గుట్కా, మద్యం ఆపేయాలి. క్యాన్సర్ వచ్చేసింది కదా ఇంకెందుకు ఆపడమని అడుగుతారు. పొగ తాగుతూ ఉంటే కరెంటు అంత బాగా పనిచేయదు, ఆపరేషన్ గాయం త్వరగా మానదు. అడ్డపొగ (చుట్ట నిప్పు వైపు నోట్లో పెట్టి కాల్చడం) అలవాటున్న ఉత్తరాంధ్ర పెద్దమ్మలుంటే వాళ్ల అంగిలి కూడా ఒకసారి చూపించండి.

నీరసంగా ఉంటే పడుకోమంటాం గానీ, డాక్టరు ఒప్పుకుంటే నడకే నీరసాన్ని తగ్గిస్తుంది. పెద్దపేగు క్యాన్సర్‌కు ఆపరేషన్, కీమో పూర్తయిన 889 మందితో చేసిన ఛాలెంజ్ అధ్యయనం 2025లో వచ్చింది. మూడేళ్లు పద్ధతిగా వ్యాయామం చేయించిన వర్గంలో ఎనిమిదేళ్లకు వందలో 90 మంది బతికున్నారు, పుస్తకాలిచ్చి పంపిన వర్గంలో 83 మంది. రెండు వర్గాలవాళ్లూ వైద్యం చేయించుకున్నవాళ్లేనన్నది మర్చిపోకండి. మద్రాసు ఎండలో తెల్లారి ఆరింటికి ముందే డాబా మీదో వీధిలోనో పది నిమిషాలతో మొదలుపెట్టండి.

మనసు

‘మొగుడు పోయిన దిగులు లోపల దాచుకున్నావు, అదే గడ్డ కట్టింది’ అని పరామర్శకు వచ్చినావిడ ఇంకో రోగితో అంది. అలాంటి మాటలు ఇంట్లోకి రానివ్వకండి. స్వీడన్, ఫిన్లండ్‌లలో దాదాపు 60 వేలమందిని 30 ఏళ్ల దాకా గమనించి 2010లో ప్రచురించారు. మనిషి స్వభావానికీ క్యాన్సర్ రావడానికీ సంబంధం కనబడలేదు. ధైర్యంగా ఉంటేనే తగ్గుతుందని అనడం కూడా రోగి నెత్తిన ఇంకో బరువు. ఏడవాలనిపిస్తే ఏడవనివ్వండి.

మనసుకు వైద్యం ఆయుష్షు కోసం కాకపోయినా, బతికే రోజుల కోసం కావాలి. కెనడాలో రొమ్ము క్యాన్సర్ ముదిరిన మహిళలను వారం వారం కూర్చోబెట్టి మాట్లాడించారు. ఆయుష్షు పెరగలేదు, నొప్పీ కుంగుబాటూ తగ్గాయని 2001లో రాశారు. నాకది చిన్న లాభంగా అనిపించదు. నిద్ర లేకపోవడం, తిండి మీద విరక్తి, ‘నేను పోతే మీకు ఖర్చు తగ్గుతుంది’ లాంటి మాటలు వస్తే డాక్టరుకు చెప్పి కౌన్సెలర్‌ను అడగండి. ప్రభుత్వ టెలి మానస్ 14416కు ఫోన్ చేస్తే తెలుగులో మాట్లాడతారు.

పాలియేటివ్ కేర్ (నొప్పి, బాధ తగ్గించే సేవ) అనగానే చేతులెత్తేశారనుకుంటారు. బోస్టన్‌లో ముదిరిన ఊపిరితిత్తుల క్యాన్సర్ రోగులకు మొదటి నుంచే ఆ సేవ జోడిస్తే బాధ తగ్గింది, ఆయుష్షు కూడా 8.9 నెలల నుంచి 11.6 నెలలకు పెరిగిందని 2010లో తేలింది. నొప్పి మొదలైన రోజే అడగండి.

కీమో నడుస్తున్నప్పుడు ఇంట్లో థర్మామీటరు తప్పక ఉండాలి. 100.4 ఫారెన్‌హీట్ దాటితే కషాయం, పారాసిటమాల్ అంటూ తెల్లవార్లూ చూడొద్దు. అర్ధరాత్రైనా ఆసుపత్రికి వెళ్లి ‘కీమో పేషెంటు, జ్వరం’ అని మొదటి మాటే చెప్పండి.

అన్నీ విన్నాక కూడా ‘వద్దు’ అంటే అది వాళ్ల హక్కు. అప్పుడు కూడా డాక్టరుకు ఆ మాట ఎదురుగా చెప్పించండి. ఆపరేషన్ మాత్రమే చేయించుకోవచ్చా, మాత్రలు మాత్రమే వాడొచ్చా అని అడగండి. ఈఆర్ పాజిటివ్ అయితే అయిదేళ్లు టామోక్సిఫెన్ అనే హార్మోన్ మాత్ర వాడడం వల్లే 15 ఏళ్లలో రొమ్ము క్యాన్సర్ మరణాలు సుమారు మూడోవంతు తగ్గుతాయి. ఏ లక్షణం కనబడితే వెంటనే రావాలో కాగితం మీద రాయించుకుని, ఆరు వారాల్లోపు మళ్లీ చూపించుకునే తేదీ తీసుకున్నాకే ఓపీ గది నుంచి బయటికి రండి.