ఉద్యోగం వచ్చింది కదా అని కెరీర్‌ను వదిలేయకండి

హన్మకొండలో గ్రూప్స్ కోచింగ్‌కు వెళ్తున్నా, మడికొండ ఐటీ పార్కులో చేరినా, ముందు ఒక నోట్‌బుక్ కొనండి. మూడు నెలలకోసారి అందులో కొత్తగా ఏం నేర్చుకున్నారు, ఏ పని మీ చేతుల మీదుగా పూర్తయింది, దానివల్ల ఎంత సమయం, ఎంత డబ్బు మిగిలింది అని అంకెలతో సహా రాయండి, ఎందుకంటే ఇంటర్వ్యూ రోజు టెన్షన్‌లో ఇవేవీ గుర్తుకు రావు. నేను మూడేళ్లు రాయలేదు, ఒక మంచి అవకాశం అలాగే పోయింది.

గ్రూప్స్ రాసేవాళ్లు ఎన్నిసార్లు రాస్తారో, ఏ వయసు దాకా చూస్తారో ఇంట్లోవాళ్లతో కూర్చుని ముందే తేల్చుకోండి. కష్టమైన మాటే, కానీ తప్పదు.

కంపెనీ మారితే పీఎఫ్ విత్‌డ్రా చేయకండి, అదే యూఏఎన్ (ఎన్ని కంపెనీలు మారినా మారని మీ పీఎఫ్ నంబర్) కింద కొత్త ఖాతాకు బదిలీ పెట్టుకోండి. ఎందుకంటే పీఎఫ్ పెన్షన్ రావాలంటే 10 ఏళ్ల సర్వీసు ఉండాలి.