‘చివరిసారి ఒక్కసారి కలుద్దాం’ అంటే వెళ్ళొద్దు

తిరుపతి బాలాజీ కాలనీ వెనక వీధిలో పదహారేళ్ళుగా లేడీస్ హాస్టల్ నడుపుతున్నాను. పీలేరు, పలమనేరు, పుంగనూరు, కాళహస్తి వైపు నుంచి చదువుకోడానికి వచ్చిన పిల్లలు నలభై మంది దాకా ఉంటారు. వాళ్ళ ప్రేమలు చూశాను. కొందరి పెళ్ళిళ్ళకు వెళ్ళి అక్షింతలు వేసి వచ్చాను. ప్రేమంటే నాకేం కోపం లేదు. కానీ ప్రేమ పేరుతో ఊపిరాడకుండా చేసే మనిషి దగ్గర్నుంచి ప్రాణాలతో, చదువుతో ఎలా బయటపడాలో పిల్లలకు ఎవరూ చెప్పడం లేదు. అందుకే ఇది రాస్తున్నాను.

పీలేరు వైపు పిల్ల ఒకామె, డిగ్రీ రెండో ఏడాది. ఒకరోజు రాత్రి సంగటి, చెనిక్కాయల ఊరిబిండి చేశాను. అందరూ తింటున్నారు. ఈ పిల్ల ఫోన్‌ను మంచినీళ్ళ చెంబుకు ఆనించి నిలబెట్టింది. ఆమె ప్రేమించిన అబ్బాయి వీడియో కాల్. "పక్కన ఎవరున్నారు, తిప్పు" అన్నాడు. తిప్పింది. "ఫ్యాన్ చూపించు" అన్నాడు. మా డైనింగ్ హాల్ ఫ్యాన్‌కు ఒక రెక్క మీద నీలం పెయింట్ మరక ఉంటుంది. అది కనబడితేనే ఆమె హాస్టల్లో ఉన్నట్టు లెక్క. చూపించింది. అంతసేపూ కుడిచేతిలో ముద్ద అలాగే ఉంది. కాల్ అయ్యేసరికి వేళ్ళకు అంటుకుని ఎండిపోయింది. కుళాయి కింద గోకి గోకి కడుక్కుని, తినకుండానే పైకి వెళ్ళిపోయింది.

మర్నాడు అడిగితే ఏడ్చింది. వదిలేయాలని ఉంది కానీ భయంగా ఉంది ఆంటీ అంది. అప్పుడు నేను పెద్దరికంగా ఒక మాట అన్నాను: "ఇద్దరూ ఒకసారి కూర్చుని నిదానంగా మాట్లాడుకోండమ్మా." ఆదివారం చంద్రగిరి కోట దగ్గర కలుసుకున్నారు. సాయంత్రం తిరిగొచ్చింది. మే నెల ఎండలో చున్నీ చెవుల దాకా చుట్టుకుని ఉంది. గదిలోకి తీసుకెళ్ళి విప్పి చూస్తే మెడకు రెండు పక్కలా వేళ్ళ గుర్తులు. ఆ ఆదివారం ఆమెను పంపింది నేనే. అప్పట్నుంచి ఏ పిల్లకూ ఆ సలహా ఇవ్వలేదు. వేరే పద్ధతి నేర్చుకున్నాను.

ముందు ఎంత ప్రమాదంలో ఉన్నావో చూసుకో

అలగడం, ఎందుకు ఫోన్ ఎత్తలేదని అడగడం ప్రతి జంటలోనూ ఉంటుంది. నీ పాస్‌వర్డ్‌లు తీసుకోవడం, ఏ డ్రెస్ వేసుకున్నావో ఫొటో పంపమనడం, ఫ్రెండ్స్‌ను ఒక్కొక్కరినే దూరం చేయించడం, కొట్టి తర్వాత కాళ్ళ మీద పడి ఏడవడం మాత్రం వేరు. అక్కడే బయటపడే ఆలోచన మొదలుపెట్టాలి.

ఇంకొన్ని ఉన్నాయి. ఒక్కసారి జరిగినా ఆ రోజే ఎవరికైనా చెప్పాలి. గొంతు పట్టుకోవడం అన్నిటికన్నా ముందు. వదిలేశాడు కదా, మళ్ళీ అలా చేయడులే అనుకోవద్దు. గొంతు నొక్కినవాడు తర్వాత ప్రాణం తీసే దాకా వెళ్ళే ముప్పు చాలా ఎక్కువ. పైకి గుర్తులు లేకపోయినా లోపల దెబ్బ ఉండొచ్చు. గొంతు బొంగురుపోయినా, మింగడం కష్టమైనా, తల తిరిగినా వెంటనే రుయాకో మరో ఆసుపత్రికో వెళ్ళి, ఏం జరిగిందో డాక్టరుకు ఉన్నదున్నట్టు చెప్పాలి. ఆ చీటీ తర్వాత కేసుకు కూడా పనికొస్తుంది. "నాకు దక్కకపోతే ఎవరికీ దక్కనివ్వను" అనడం, యాసిడ్, పెట్రోల్ మాట ఎత్తడం, బ్యాగులో కత్తి పెట్టుకు తిరగడం, ఇవేవీ కోపంలో అన్న మాటలని తీసిపారేయొద్దు. 2008 డిసెంబరులో వరంగల్‌లో ఇద్దరు ఇంజినీరింగ్ చదివే అమ్మాయిల మీద యాసిడ్ పోశారన్న వార్త విన్న రోజు నాకింకా గుర్తుంది.

వద్దని చెప్పడం చిట్టచివరి పని

నేను నేర్చుకున్నదంతా ఈ ఒక్క వరసలోనే ఉంది. పిల్లలందరూ ముందు అతనికి చెప్పేసి, తర్వాత మిగతావి చూసుకుందామనుకుంటారు. కానీ వదిలేస్తున్నానని తెలిసిన తర్వాతి రోజులే అన్నిటికన్నా ప్రమాదం. కాబట్టి ఏర్పాట్లన్నీ అయ్యాకే చెప్పాలి. అప్పటిదాకా మామూలుగా ఉన్నట్టే ఉండు. ఇది మోసం కాదమ్మా, ప్రాణం కాపాడుకోవడం.

మొదట ఒక పెద్ద మనిషికి చెప్పు. అమ్మానాన్నకు చెప్తే చదువు మాన్పించి పెళ్ళి చేసేస్తారని భయం, నాకు తెలుసు. అయితే పిన్నికో మేనమామకో పెళ్ళయిన అక్కకో చెప్పు. ముందు వాళ్ళు వింటే, అమ్మానాన్నకు వాళ్ళే నచ్చచెప్తారు. ఎలా మొదలుపెట్టాలో తెలియకపోతే ఇలా మొదలుపెట్టు: "పిన్నీ, నేను ఒక అబ్బాయితో మాట్లాడాను. ఇప్పుడు వదిలేయాలనుకుంటుంటే చంపుతానంటున్నాడు. నన్ను తర్వాత తిట్టు, ముందు సాయం చెయ్యి." మా పీలేరు పిల్ల మేనమామకు సరిగ్గా ఇలాగే చెప్పింది. ఆయన ఒక్క మాట తిట్టలేదు, రాత్రి బస్సుకే వచ్చాడు. అమ్మానాన్నలు ఎవరైనా ఇది చదువుతుంటే ఒక్కటే అడుగుతున్నాను. "వాడితో నిన్ను ఎవరు మాట్లాడమన్నారు" అనే ప్రశ్న ఆ రోజు అడగొద్దు. ఆ ప్రశ్నకు భయపడే పిల్లలు ఒంటరిగా చంద్రగిరి కోటకు వెళ్తున్నారు.

తర్వాత సాక్ష్యం. తిట్టిన మెసేజ్‌లు, వాయిస్ నోట్లు చదివి అసహ్యమేసి డిలీట్ చేసేస్తుంటారు. చేయొద్దు. తేదీ, నంబరు కనబడేలా స్క్రీన్‌షాట్లు తీసి, వాట్సాప్ చాట్‌ను ఎక్స్‌పోర్ట్ చేసి, నువ్వు నమ్మే మనిషి ఫోన్‌కు పంపి, పంపిన గుర్తు నీ ఫోన్లోంచి తీసేయి. అసలు ఫోన్ మాత్రం అమ్మేయొద్దు, రీసెట్ చేయొద్దు. ఒక చిన్న నోటుపుస్తకంలో తేదీ, సమయం, చోటు, ఎవరు చూశారు, ఇవి రాసి పెట్టు. లీలామహల్ దగ్గర ఆటో ఆపి చెయ్యి లాగాడు, ఎస్వీయూ గేటు ముందు గంటసేపు నిలబడ్డాడు, అంత చిన్నగా రాసినా చాలు.

ఫోన్ సంగతి కాస్త వివరంగా చెప్పాలి, ఎందుకంటే మేం దాదాపు దొరికిపోయింది అక్కడే. ఆ పిల్ల ఎక్కడికి వెళ్ళినా అతనికి తెలిసిపోయేది. ఎవరో చెప్తున్నారని రూమ్మేట్‌ను అనుమానించింది కూడా. తీరా చూస్తే గూగుల్ మ్యాప్స్‌లో లొకేషన్ షేరింగ్ అతని పేరు మీద ఆన్‌లో ఉంది. వాట్సాప్‌లో లింక్డ్ డివైసెస్ నొక్కితే ఆమెకు లేని ల్యాప్‌టాప్ కనబడింది. మామూలుగానైతే గూగుల్ అకౌంట్లో ఏయే ఫోన్లు ఉన్నాయో చూసి, ఇన్‌స్టాలో ఎక్కడెక్కడ లాగిన్ అయి ఉందో చూసి, పాస్‌వర్డ్‌లు, యూపీఐ పిన్ మార్చి, రెండంచెల వెరిఫికేషన్ పెట్టుకోవాలి. అయితే ఇవన్నీ ఒక్కసారిగా తీసేస్తే అతనికి అక్కడ తెలిసిపోతుంది. కాబట్టి చూసుకోవడం ముందు, తీసేయడం వెళ్ళిపోయే రోజు. పైగా ఆ ఫోన్ అతను పుట్టినరోజుకు కొనిచ్చింది. అలాంటి ఫోన్‌ను శుభ్రం చేయడం కంటే దాన్ని వదిలేసి కొత్త ఫోన్, కొత్త సిమ్, కొత్త మెయిల్ తీసుకోవడమే మంచిది. మేనమామ అదే చేశాడు.

దారులు మార్చుకో. ఆ పిల్ల ప్రతి శనివారం మూడున్నర బస్సుకు భాకరాపేట ఘాట్ మీదుగా ఊరికి వెళ్ళేదని అతనికి తెలుసు. బస్టాండులో కాచుకునేవాడు. కొన్నాళ్ళు మేనమామే వచ్చి తీసుకెళ్ళాడు. హాస్టల్ మార్చాల్సి వస్తే కొత్త చోటు క్లాసులో ఎవరికీ చెప్పొద్దు. వాచ్‌మన్‌కు మాత్రం అతని ఫొటో చూపించు.

ఆ మెసేజ్

అన్నీ కుదిరాక, నువ్వు క్షేమమైన చోట ఉన్నాక, ఒక్క మెసేజ్ పంపు. మేం రాసింది ఇది: "ఇకపై నీతో నాకు ఎలాంటి సంబంధం వద్దు. ఫోన్ చేయొద్దు, మెసేజ్ పెట్టొద్దు, నా కాలేజీకి, హాస్టల్‌కు, ఇంటికి రావొద్దు, వేరేవాళ్ళతో కబురు పంపొద్దు." అంతే. సారీ వద్దు, కారణాలు వద్దు. కారణం చెప్తే దాని మీద వాదన మొదలవుతుంది. ఆ తర్వాత ఎన్ని మెసేజ్‌లు వచ్చినా జవాబు ఇవ్వకూడదు. యాభై ఒకటో కాల్ ఎత్తావంటే, యాభై ఒక్కసార్లు చేస్తే ఎత్తుతుందని అతనికి తెలిసిపోతుంది.

ఈ మెసేజ్‌కు చట్టంలో కూడా విలువుంది. ఇష్టం లేదని స్పష్టంగా తెలియజేసినా మళ్ళీమళ్ళీ వెంటపడటం, సంప్రదించడం, నెట్‌లో నిఘా పెట్టడం నేరం. 2013లో ఐపీసీలో 354డి సెక్షన్‌గా వచ్చింది. 2024 జూలై 1 నుంచి భారతీయ న్యాయ సంహితలో 78వ సెక్షన్. మొదటిసారి అయితే మూడేళ్ళ వరకు, మళ్ళీ చేస్తే ఐదేళ్ళ వరకు జైలు. అయితే మొదటిసారి బెయిల్ ఇవ్వదగ్గ నేరమే. కేసు పెట్టిన సాయంత్రానికే అతను బయట ఉండొచ్చు. కంప్లైంట్ ఇచ్చేశాం కదా అని ఆ వారం ఒంటరిగా తిరగొద్దు. గొంతు పట్టుకున్నా, చంపుతానన్నా, అదంతా కంప్లైంట్‌లో రాయాలి. అవి ఉంటే పెట్టే సెక్షన్లు మారతాయి. ఈ 78వ సెక్షన్ అమ్మాయిలకే. అబ్బాయిని ఒక అమ్మాయి బెదిరిస్తుంటే బెదిరింపు సెక్షన్ 351 ఎవరికైనా వర్తిస్తుంది.

చంద్రగిరిలో జరిగితే చంద్రగిరి స్టేషన్‌కే వెళ్ళాలని లేదు. జీరో ఎఫ్‌ఐఆర్ ఏ స్టేషన్లోనైనా కడతారు. వెంటనే సాయం కావాలంటే 112, మహిళల హెల్ప్‌లైన్ 181, లేదా ఏపీ పోలీసుల శక్తి యాప్‌లో ఎస్‌ఓఎస్. స్టేషన్ అంటే భయమైతే మీ వార్డు సచివాలయంలో మహిళా పోలీసు ఉంటే ముందు ఆమెతో మాట్లాడు. అతను మీ కాలేజీవాడే అయితే కాలేజీలో అంతర్గత ఫిర్యాదుల కమిటీకి మూడు నెలల్లోపు రాసివ్వాలి.

ఫొటోలు, వీడియోలు బయటపెడతానని బెదిరిస్తే డబ్బు ఇవ్వొద్దు, కలవడానికి వెళ్ళొద్దు. సైబర్ నేరాల హెల్ప్‌లైన్ 1930కి చెయ్యి. బెదిరింపు మెసేజ్ దాచిపెట్టు. తప్పు చేసింది బయటపెట్టేవాడు, నువ్వు కాదు.

"చచ్చిపోతా" అంటే

చాలామంది ఇక్కడే తిరిగి వెళ్ళిపోతారు. మెసేజ్ పంపిన రెండో రోజు రాత్రి అతను చచ్చిపోతున్నానని వాయిస్ పెట్టాడు. ఆ పిల్ల చెప్పులేసుకుని గేటు దాకా పరిగెత్తింది. నేను, మేనమామ ఆపాం. నిజమేనేమో అని ఆమె, నిజమైతే మనకు పాపం చుట్టుకుంటుందని నేను, ఇద్దరికీ టెన్షనే. నిజమో కాదో తేల్చడం మన పని కాదు. నిజమే అనుకుని 112కు అతని పేరు, చిరునామా చెప్పాం. వాళ్ళ అన్నకు ఫోన్ చేసి తమ్ముడి దగ్గరికి వెళ్ళమన్నాం. అన్న వెళ్ళాడు. అతను క్షేమంగా ఉన్నాడు. మనిషిని కాపాడటానికి నువ్వే వెళ్ళక్కర్లేదు, సాయం వెళ్ళేలా చూస్తే చాలు. 14416 టెలీ మానస్ నంబరు, మనసు బాగోలేనప్పుడు మాట్లాడే ప్రభుత్వ హెల్ప్‌లైన్. ఉచితం, రాత్రీ పగలూ ఉంటుంది, తెలుగులో మాట్లాడతారు. నీకు నిద్ర పట్టకపోయినా దానికే చెయ్యి.

ఆ అబ్బాయి లాంటి స్థితిలో ఉన్నవాళ్ళు ఎవరైనా చదువుతుంటే, మీకూ అదే నంబరు. ఆమె కనబడకపోతే చెయ్యి వణుకుతోందా, ఆమె హాస్టల్ ముందు బండి ఆపకుండా ఉండలేకపోతున్నావా, ఈ రోజే ఫోన్ చెయ్యి నాయనా. ఫ్రెండ్స్‌కు కూడా చెప్తున్నాను, వాడి తరఫున ఆ అమ్మాయికి కబుర్లు మోయకండి.

అన్నిటికన్నా ఎక్కువ వచ్చే మెసేజ్ ‘చివరిసారి ఒక్కసారి కలుద్దాం’. గుడిలో అంటాడు, ప్రకాశం పార్కులో అందరి ముందే అంటాడు, నీ వస్తువులు తిరిగిస్తానంటాడు. వెళ్ళొద్దు. వస్తువులు మేనమామ తెస్తాడు, లేకపోతే పోనీ. మన తిరుపతి గ్రామదేవత తాతయ్యగుంట గంగమ్మ కథ తెలుసు కదా. ఆడపిల్లలను చెరబట్టిన పాలెగాడు ఆమె చెయ్యి పట్టుకున్నప్పుడు నిజరూపం చూపించింది, వాడు పారిపోయి దాక్కున్నాడు. తర్వాత అమ్మవారు బైరాగి, బండ, తోటి అంటూ రోజుకో వేషంలో ఊరంతా గాలించి, చివరికి దొర వేషంలో వాడిని బయటికి రప్పించింది. అమ్మవారికే అన్ని రోజులు పట్టింది. మన పిల్ల ఒక్క సాయంత్రంలో, ఒంటరిగా, మాటలతో తేల్చేయాలని ఎందుకు వెళ్ళాలి?

అతను కొనిచ్చిన ఫోన్, పాత సిమ్‌తో సహా, నా దగ్గరే ఉంచుకున్నాం. వంటింట్లో బియ్యం డబ్బా పక్కన చార్జింగ్‌లో పెట్టాను. ఆపేస్తే బెదిరింపులు ఎప్పుడు పెరుగుతున్నాయో తెలియదు, సాక్ష్యమూ పోతుంది. ఆ పిల్ల అప్పటికే వేరే చోటికి మారింది, అతనికి మాత్రం ఫోన్ ఇక్కడే కనబడేది. రోజూ రాత్రి గిన్నెలు కడిగాక నేనే చూసి లెక్క రాసేదాన్ని. మొదటి రోజు అరవై మూడు కాల్స్. వారం తర్వాత నలభై. పోలీసులు పిలిపించి మాట్లాడాక తొమ్మిది. ఒక్కదానికీ జవాబు ఇవ్వలేదు. రెండు నెలలకు రోజుకొకటి, తర్వాత అదీ లేదు. ఆమె పుట్టినరోజున మాత్రం ఒక మిస్డ్ కాల్ వచ్చింది. అది కూడా తేదీ వేసి నోటుపుస్తకంలో రాశాను. ఆ రాత్రే మేనమామకు చెప్పాను, ఆ వారం ఆయన మళ్ళీ తిరుపతిలోనే ఉన్నాడు.