ఎంపీవీని సోర్స్ కోడ్ నుంచి ఇన్‌స్టాల్ చేస్తుంటే ఎక్కడ ఆగుతుంది, ఎలా దాటాలి?

ఉబుంటులో ఎంపీవీ వీడియో ప్లేయర్ కావాలంటే ఒక్క ఆప్ట్ (ఉబుంటులో ప్రోగ్రాములు వేసే సాధనం) కమాండ్ చాలు. మరి సోర్స్ కోడ్ తెచ్చుకుని తంటాలు పడటం ఎందుకంటే, వెర్షన్ కోసం. ఉబుంటు 22.04లో దొరికేది 0.34, 24.04లో దొరికేది 0.37. ఆ తర్వాత వచ్చిన సదుపాయాలు కావాలనుకున్నవాళ్లు సొంతంగా బిల్డ్ చేసుకుంటారు, అంటే సోర్స్ కోడ్ నుంచి నడిచే ప్రోగ్రామ్‌ని తయారు చేసుకుంటారు. మీకు అలాంటి అవసరం లేకపోతే ఈ జోలికి పోకండి, ఆప్ట్‌తో హాయిగా సరిపెట్టుకోండి.

ఒక మాట. కమాండ్లను ఇక్కడ తెలుగు అక్షరాల్లో రాస్తున్నాను. టెర్మినల్‌లో మాత్రం ఇంగ్లీషులోనే కొట్టాలి. '-సి', '-డి' క్యాపిటల్ అక్షరాలు, మిగతావన్నీ చిన్నవే.

మొదలుపెట్టే ముందు

నెట్‌లో దొరికే పాత పాఠాల్లో చాలావరకు 'వాఫ్' అనే బిల్డ్ పద్ధతి చెబుతాయి. ఎంపీవీ దాన్ని వదిలేసి మెసన్ అనే మరో బిల్డ్ పద్ధతికి మారిపోయింది. మీరు చూస్తున్న పేజీలో వాఫ్ అనే మాట కనిపిస్తే ఆ పేజీ మూసేయండి. సోర్స్ కోడ్ ఫోల్డర్‌లో ఇప్పుడు కొట్టాల్సినవి మూడే మెట్లు: 'మెసన్ సెటప్ బిల్డ్', 'మెసన్ కంపైల్ -సి బిల్డ్', చివరగా సుడోతో (అంటే రూట్ అనే అడ్మిన్ అధికారంతో) 'మెసన్ ఇన్‌స్టాల్ -సి బిల్డ్'. మొదటి రెండింటికీ సుడో వాడొద్దు. వాడితే ఫైళ్లు రూట్ పేరు మీదికి పోతాయి, తర్వాత మీ ఫోల్డర్‌ని మీరే చెరపలేరు.

కావలసిన సామాన్లలో చాలావరకు ఒకేసారి తెచ్చుకోవడానికి 'సుడో ఆప్ట్ బిల్డ్-డెప్ ఎంపీవీ' కొట్టండి. డెబ్-ఎస్ఆర్‌సీ లైన్లు లేవని అది మొరాయిస్తే, 24.04లో ఈటీసీ, ఆప్ట్, సోర్సెస్ డాట్ లిస్ట్ డాట్ డి ఫోల్డర్ల కింద ఉండే ఉబుంటు డాట్ సోర్సెస్ ఫైల్ తెరవండి. అందులో టైప్స్ అనే చోట 'డెబ్' పక్కనే 'డెబ్-ఎస్ఆర్‌సీ' అని చేర్చి, ఆప్ట్ అప్‌డేట్ చేసి మళ్లీ ప్రయత్నించండి.

సెటప్ దగ్గరే ఆగిపోతే

'లిబాస్ దొరకలేదు' అనే అర్థంలో ఎర్రర్ వస్తుంది. సబ్‌టైటిల్స్‌ని తెరమీద గీసే లైబ్రరీ లిబాస్. 'నా సిస్టమ్‌లో ఉందిగా!' అని మీకు అనిపిస్తుంది. ఉంటుంది కూడా. కానీ మెసన్ వెతికేది లైబ్రరీని కాదు, దాని వివరాలు రాసి ఉన్న చిన్న పీసీ ఫైల్‌ని. మనిషి ఇంట్లోనే ఉన్నా రేషన్ కార్డులో పేరు లేకపోతే బియ్యం ఇవ్వనట్టే ఇది. ఆ ఫైల్, హెడర్ ఫైళ్లు 'డెవ్' అని చివర ఉన్న ప్యాకేజీలో వస్తాయి. కాబట్టి లిబాస్-డెవ్ వేసుకోవాలి. ఏ లైబ్రరీ దొరకలేదన్నా ముందు దాని డెవ్ ప్యాకేజీ ఉందో లేదో చూడండి.

ఎర్రర్ అర్థం కాకపోతే బిల్డ్ ఫోల్డర్‌లో మెసన్-లాగ్స్ అనే ఫోల్డర్ ఉంటుంది. అందులోని లాగ్ ఫైల్‌లో మెసన్ ఏం వెతికిందో, ఎక్కడ వెతికిందో అంతా ఉంటుంది.

కొన్నిసార్లు 'దొరికింది కానీ వెర్షన్ చాలదు' అంటుంది. దీనికి డెవ్ ప్యాకేజీతో పని జరగదు. ఎంపీవీ 0.40కి ఎఫ్ఎఫ్ఎంపెగ్ (వీడియో, ఆడియో ఫైళ్లను చదివే లైబ్రరీ) కనీసం 6.1 కావాలి. ఉబుంటు 22.04లో ఉన్నది 4.4. బొమ్మని తెరమీద చూపించే లిబ్‌ప్లసీబో లైబ్రరీ పరిస్థితీ అంతే. ఆ లైబ్రరీలను ఒక్కొక్కటిగా బలవంతంగా మార్చబోతే వాటిని నమ్ముకున్న మిగతా ప్రోగ్రాములు పడకేస్తాయి. దానికంటే ఎంపీవీ వాళ్లదే 'ఎంపీవీ-బిల్డ్' అనే ప్రాజెక్టు ఉంది. అది ఎఫ్ఎఫ్ఎంపెగ్, లిబాస్, లిబ్‌ప్లసీబోల కొత్త కోడ్ తెచ్చి, బిల్డ్ చేసి, ఎంపీవీ లోపలే కలిపేస్తుంది. సిస్టమ్ లైబ్రరీల జోలికి పోదు. పాత ఉబుంటు వాడేవాళ్లకి నా సలహా ఇదే.

లిబ్‌ప్లసీబోని విడిగా తెచ్చుకునేవాళ్లు జిప్ ఫైల్ డౌన్‌లోడ్ చేయకండి. దానికి కావలసిన సబ్‌మాడ్యూల్స్ (అది వాడుకునే వేరే ప్రాజెక్టుల కోడ్) జిప్‌లో రావు. కోడ్ తెచ్చే 'గిట్ క్లోన్' కమాండ్‌కి '--రికర్సివ్' చేర్చి తెచ్చుకోండి.

ఎర్రర్ లేకుండానే తేడా వస్తే

అసలు తలనొప్పి ఇక్కడుంది. ఎర్రర్ వచ్చి ఆగితే కనీసం ఆగిందని తెలుస్తుంది. మెసన్‌లో చాలా సదుపాయాలు 'ఆటో'లో ఉంటాయి. అంటే సంబంధించిన లైబ్రరీ కనబడితే కలుపుకుంటుంది, లేకపోతే ఊరుకుని ముందుకెళ్లిపోతుంది. బిల్డ్ మాత్రం విజయవంతం!

మా బాబాయి కొడుకు ఒక రాత్రి పదకొండింటికి ఫోన్ చేశాడు. 'అన్నా, ఇన్‌స్టాల్ అయింది, బొమ్మ వస్తోంది, సౌండ్ వస్తోంది. కింద కంట్రోల్ బార్ మాత్రం లేదు' అన్నాడు. మౌస్ ఎటు కదిపినా ఏమీ రావట్లేదట. ఎంపీవీలో ఆ బార్ లువా అనే భాషలో రాసిన స్క్రిప్ట్. లువా లేకుండా బిల్డ్ అయితే బార్ ఉండదు. 'లువా ఉందా?' అంటే 'ఉంది అన్నా, లేటెస్ట్ వేశా, 5.4' అన్నాడు. గొడవంతా అక్కడే. ఎంపీవీకి పనికొచ్చేది లువా 5.1, 5.2 లేదా లువాజిట్. 5.3, 5.4 కుదరవు. లిబ్‌లువాజిట్ 5.1 డెవ్ ప్యాకేజీ వేయించాను. వెంటనే మళ్లీ కంపైల్ చేశాడు. బార్ రాలేదు!

ఎందుకంటే సెటప్ ఒకసారి పూర్తయితే మెసన్ తన నిర్ణయాలు రాసి పెట్టుకుంటుంది. కొత్త ప్యాకేజీ వచ్చిందని దానంతటది చూసుకోదు. 'మెసన్ సెటప్ బిల్డ్' మళ్లీ కొట్టినా ఇదివరకే చేశానంటుంది. దానికి '--వైప్' అనే ఆప్షన్ చేర్చి కొడితే మొదటి నుంచి వెతుకుతుంది. అలా చేశాక బార్ వచ్చింది. అప్పటికి పన్నెండున్నర.

అందుకే నేనెప్పుడూ నాకు తప్పనిసరి అనుకున్నవి ముందే చెప్పేస్తాను. సెటప్ కమాండ్‌లో '-డి లువా=లువాజిట్', '-డి పల్స్=ఎనేబుల్డ్' (పల్స్ సౌండ్ కోసం) అని ఇస్తే, అవి దొరకనప్పుడు మెసన్ ఎర్రర్ ఇచ్చి ఆగుతుంది. మనకి కావలసింది ఆ అరుపే.

బిల్డ్ అయ్యాక ఏమేం కలిశాయో చూడాలంటే 'ఎంపీవీ -వి' కొట్టండి, ఎనేబుల్ అయిన సదుపాయాల జాబితా వస్తుంది. సౌండ్ రాకపోతే 'ఎంపీవీ --ఏవో=హెల్ప్' కొట్టి పల్స్, పైప్‌వైర్, ఆల్సా ఉన్నాయేమో చూడండి. బొమ్మ రాకపోతే ఏవో బదులు వీవో.

ఇన్‌స్టాల్ అయ్యాక పాతదే తెరుచుకుంటే

మీరు బిల్డ్ చేసింది యూఎస్ఆర్ లోకల్ కిందికి వెళ్తుంది. ఆప్ట్‌తో వేసిన పాతది యూఎస్ఆర్ బిన్‌లోనే కూర్చుని ఉంటుంది. 'టైప్ -ఏ ఎంపీవీ' కొడితే రెండూ కనిపిస్తాయి. కొత్తది పైన ఉన్నా పాతదే వస్తుంటే, బ్యాష్ పాత దారి గుర్తుపెట్టుకుందన్నమాట. 'హ్యాష్ -ఆర్' కొట్టండి, లేదా టెర్మినల్ మూసి తెరవండి.

'షేర్డ్ లైబ్రరీ తెరవలేకపోయాను' అంటే, మీరు విడిగా బిల్డ్ చేసిన లైబ్రరీ సంగతి సిస్టమ్‌కి ఇంకా తెలియదు. 'సుడో ఎల్‌డీకాన్ఫిగ్' ఒకసారి నడిపితే చాలావరకు తీరిపోతుంది.

తెలుగు సబ్‌టైటిల్స్

అక్షరాల బదులు డబ్బాలు కనిపిస్తే తెలుగు ఫాంట్ లేదని అర్థం. నోటో సాన్స్ తెలుగు వేసుకుంటే సరి. అక్షరాలు వచ్చి, 'అమ్మ'లో మకారం వత్తు కిందికి వెళ్లకుండా విడివిడిగా పడుతుంటే ఫాంట్‌ని తిట్టకండి. ఒత్తులూ గుణింతాలూ సరిగ్గా పేర్చే పని హార్ఫ్‌బజ్ లైబ్రరీది. పాత లిబాస్‌ని అది లేకుండా కూడా బిల్డ్ చేయొచ్చు. హార్ఫ్‌బజ్ డెవ్ ప్యాకేజీ వేసి ముందు లిబాస్‌ని, తర్వాత ఎంపీవీని మళ్లీ బిల్డ్ చేయండి.

పనైపోయిందని బిల్డ్ ఫోల్డర్‌ని మాత్రం చెరిపేయొద్దు. రేపు తీసేయాలనుకుంటే 'సుడో నింజా -సి బిల్డ్ అన్‌ఇన్‌స్టాల్' కొట్టాల్సింది ఆ ఫోల్డర్‌తోనే. అది లేకపోతే ఏ ఫైల్ ఎక్కడ పెట్టిందో మీరే వెతుక్కోవాలి.