నెట్‌వర్క్ డ్రైవర్ వల్ల కంప్యూటర్ పదేపదే క్రాష్ అవుతుంటే ఏం చేయాలి?

తిరుపతిలో బ్లూ స్క్రీన్ వచ్చిన సిస్టమ్‌ను షాపుకు తీసుకెళ్తే చాలాచోట్ల మొదట వినపడే మాట ‘ఫార్మాట్ కొట్టేద్దాం’. తప్పు నెట్‌వర్క్ డ్రైవర్‌లో, అంటే వైఫై లేదా కేబుల్ కార్డును విండోస్‌తో కలిపి నడిపే చిన్న సాఫ్ట్‌వేర్‌లో ఉన్నప్పుడు ఫార్మాట్ వల్ల ఒరిగేదేమీ లేదు. ఫొటోలు, టాలీ లెక్కలు, ప్రాజెక్టు రిపోర్టులు పోతాయి. కొత్త విండోస్ ఎక్కించి నెట్ ఇవ్వగానే అప్‌డేట్ రూపంలో చాలాసార్లు అదే డ్రైవర్ తిరిగి వచ్చి కూర్చుంటుంది. ఫైనలియర్ పిల్లలు ఇలా రిపోర్టులు పోగొట్టుకొని వస్తే చూడటానికే బాధగా ఉంటుంది. ఫార్మాట్ మాట ఎత్తకుండా, ఓపిగ్గా ఒక గంట కూర్చుంటే ఇది ఇంట్లోనే అయ్యే పని.

బ్రౌజర్ తప్పు చేస్తే బ్రౌజర్ ఒక్కటే మూసుకుంటుంది. నెట్‌వర్క్ డ్రైవర్ అలా కాదు, అది విండోస్‌కు గుండెకాయలాంటి కెర్నెల్‌లో కూర్చొని పనిచేస్తుంది. ముట్టుకోకూడని మెమరీని ముట్టుకుంటే, డేటా చెడిపోకుండా విండోస్ సిస్టమ్ మొత్తాన్నీ ఆపేస్తుంది. అదే మనకు కనిపించే క్రాష్.

ముందు ఫైలు పేరు చూడండి

క్రాష్ స్క్రీన్‌ను ఫోన్‌తో ఫొటో తీయండి. 2025లో వచ్చిన అప్‌డేట్ తర్వాత విండోస్ 11లో ఈ స్క్రీన్ నీలం పోయి నలుపు అయింది. కింద క్రాష్ ఏ రకమో చెప్పే స్టాప్ కోడ్ ఉంటుంది. నెట్‌వర్క్ డ్రైవర్ తప్పయితే తరచుగా కనిపించేది ‘డ్రైవర్ ఐఆర్‌క్యూఎల్ నాట్ లెస్ ఆర్ ఈక్వల్’. దాని దగ్గరే ‘వాట్ ఫెయిల్డ్’ అని ఒక ఫైలు పేరు కూడా ఉంటే పని సగం అయినట్టే. పేరు నెట్‌డబ్ల్యూటీడబ్ల్యూ అని మొదలైతే ఇంటెల్ వైఫై డ్రైవర్. ఆర్‌టీడబ్ల్యూఎల్‌ఏఎన్‌ఈ అయితే రియల్‌టెక్ వైఫై. ఆర్‌టీ640ఎక్స్64 అయితే రియల్‌టెక్ కేబుల్ పోర్టు.

ఫొటో తీసేలోపే సిస్టమ్ రీస్టార్ట్ అయిపోతే సి డ్రైవ్‌లో విండోస్ ఫోల్డర్, అందులో మినీడంప్ ఫోల్డర్ చూడండి. క్రాష్ రికార్డులు అక్కడ ఉంటాయి. బ్లూస్క్రీన్‌వ్యూ అనే ఉచిత టూల్ వాటిని తేదీలవారీగా తెరిచి ఫైలు పేర్లు చూపిస్తుంది. ఒక్క రికార్డు చూసి తీర్పు చెప్పొద్దు, కనీసం మూడు చూడండి. మూడింట్లో ఒకే పేరుంటే దొంగ దొరికినట్టే. ఒక్కోసారి ఒక్కో పేరు వస్తుంటే డ్రైవర్‌ను వదిలేసి ర్యామ్ పరీక్షించండి.

ఎన్‌డిస్, టీసీపీఐపీ, నెట్‌ఐఓ అనే పేర్లు కనబడితే తొందరపడొద్దు. అవి మైక్రోసాఫ్ట్ సొంత ఫైళ్లు, ఏ కార్డు డ్రైవరైనా వాటి మీదుగానే పనిచేస్తుంది. పేరు వాటిది పడినా తప్పు చాలావరకు కార్డు డ్రైవర్‌దో, యాంటీవైరస్‌దో, వీపీఎన్‌దో అయి ఉంటుంది. ముందు వీపీఎన్, బయటి యాంటీవైరస్ తీసేసి ఒకరోజు వాడి చూడండి.

క్రాష్ ఎప్పుడొస్తోందో కూడా గమనించండి. ఆన్‌లైన్ సెంటర్ నడిపే ఒకాయన ‘దర్శనం టికెట్లు వదిలే టైముకే ఆరిపోతా ఉందన్నా’ అని వచ్చాడు. నెట్ మీద లోడు పడినప్పుడే క్రాష్ అవుతోందంటే అనుమానం నెట్‌వర్క్ డ్రైవర్ మీదే. వైఫై ఆపి, కేబుల్ పీకి, ఆ పూటంతా మిగతా పనులు చేసుకోమన్నాను. ఒక్కసారీ ఆరలేదు.

కావలసినవి

ఒక పెన్‌డ్రైవ్, ఇంకో కంప్యూటర్, ఛార్జర్. ల్యాప్‌టాప్ కంపెనీ సైట్‌లో మీ మోడల్ నంబరు కొట్టి, నెట్‌వర్క్ డ్రైవర్ దించి పెన్‌డ్రైవ్‌లో పెట్టుకోండి. కంపెనీ సైట్ తప్ప ఇంకెక్కడా దించొద్దు. డ్రైవర్లన్నీ ఒక్క క్లిక్‌తో అప్‌డేట్ చేస్తామనే సాఫ్ట్‌వేర్లను దగ్గరికి రానివ్వొద్దు, వాటివల్లే చెడిపోయి నా దగ్గరికి వచ్చిన మెషిన్లు చాలా ఉన్నాయి. సైట్‌లో రెండు మూడు వెర్షన్లుంటే అన్నీ దించుకోండి.

మరోటి. డిస్క్‌కు బిట్‌లాకర్ అనే విండోస్ తాళం ఉంటే, సేఫ్ మోడ్‌కు (అత్యవసరమైన డ్రైవర్లతో మాత్రమే విండోస్ తెరిచే పద్ధతికి) వెళ్లేటప్పుడు 48 అంకెల రికవరీ కీ అడగొచ్చు. ఫోన్‌లో మైక్రోసాఫ్ట్ అకౌంట్ తెరిచి అది ముందే రాసి పెట్టుకోండి.

సేఫ్ మోడ్

విండోస్ మామూలుగా తెరుచుకుంటుంటే షిఫ్ట్ నొక్కి పట్టుకొని రీస్టార్ట్ కొట్టండి. అసలు తెరుచుకోకపోతే, లోగో కనబడగానే పవర్ బటన్ నొక్కి పట్టి ఆపండి. రెండు మూడుసార్లు అలా చేస్తే రిపేర్ స్క్రీన్ అదే వస్తుంది. అక్కడ వరుసగా ట్రబుల్‌షూట్, అడ్వాన్స్‌డ్ ఆప్షన్స్, స్టార్టప్ సెట్టింగ్స్, రీస్టార్ట్ నొక్కండి. తర్వాత వచ్చే జాబితాలో 4 నొక్కాలి. 5 నొక్కొద్దు. 5 నెట్‌వర్కింగ్‌తో ఉన్న సేఫ్ మోడ్, చెడిన డ్రైవర్‌ను కూడా లేపుతుంది.

పాత డ్రైవర్‌ను పూర్తిగా తీయడం

పని చెడగొట్టుకునేది ఎక్కువగా ఇక్కడే, నెమ్మదిగా చదవండి.

సిస్టమ్32లోని డ్రైవర్స్ ఫోల్డర్‌కు వెళ్లి ఆ ఫైలును చేత్తో డిలీట్ చేయమని కొన్ని వీడియోల్లో చెబుతుంటారు. వద్దు. విండోస్ ప్రతి డ్రైవర్‌కూ ఇంకో కాపీ డ్రైవర్ స్టోర్‌లో దాచుకుంటుంది. మీరు పైది తీసేసినా లోపలిది మళ్లీ రావొచ్చు. పొరపాటున ఎన్‌డిస్ లాంటి ఫైలు తీసేశారంటే విండోస్ లేవడమే మానేస్తుంది.

కంప్యూటర్‌లోని పరికరాల జాబితా చూపే డివైస్ మేనేజర్ తెరిచి, నెట్‌వర్క్ అడాప్టర్స్‌లో మీ కార్డు మీద రెండుసార్లు క్లిక్ చేసి, డ్రైవర్ ట్యాబ్‌కు వెళ్లండి. తేదీ, వెర్షన్ కాగితం మీద రాసుకోండి. ఈమధ్య అప్‌డేట్ తర్వాతే క్రాష్‌లు మొదలయ్యాయా? అక్కడ పాత డ్రైవర్‌కు తిరిగి తీసుకెళ్లే ‘రోల్ బ్యాక్ డ్రైవర్’ బటన్ వెలుగుతోందా? రెండింటికీ అవునైతే అది నొక్కి రీస్టార్ట్ చేసి చూడండి, చాలామందికి అక్కడితోనే తీరిపోతుంది.

బటన్ మసకగా ఉంటే ‘అన్‌ఇన్‌స్టాల్ డివైస్’ నొక్కండి. చిన్న పెట్టె వస్తుంది. అందులో టిక్ పెట్టే గడి ఒకటుంటుంది. విండోస్ 11లో దాని పక్కన ‘అటెంప్ట్ టు రిమూవ్ ది డ్రైవర్ ఫర్ దిస్ డివైస్’ అని, విండోస్ 10లో ‘డిలీట్ ది డ్రైవర్ సాఫ్ట్‌వేర్’ అని మొదలయ్యే వాక్యం ఉంటుంది. టిక్ పెట్టకుండా అన్‌ఇన్‌స్టాల్ నొక్కితే స్టోర్‌లోని కాపీ అలాగే ఉంటుంది, రీస్టార్ట్ కాగానే అదే డ్రైవర్ మళ్లీ ఎక్కుతుంది. ‘తీశానన్నా, మళ్లీ వచ్చింది’ అని చెప్పేవాళ్లలో ఎక్కువమంది వదిలేసింది ఈ టిక్కే.

ఒకసారితో ఆగొద్దు. పై మెనూలో యాక్షన్, ‘స్కాన్ ఫర్ హార్డ్‌వేర్ చేంజెస్’ నొక్కండి. కార్డు మళ్లీ పేరుతో సహా వచ్చిందంటే స్టోర్‌లో ఇంకో పాత కాపీ ఉన్నట్టు. తేదీ చూడండి, టిక్ పెట్టి మళ్లీ తీయండి. ఇలా రెండు మూడుసార్లు పట్టొచ్చు. ‘అదర్ డివైసెస్’ కింద పసుపు గుర్తుతో ‘నెట్‌వర్క్ కంట్రోలర్’ అని వస్తే శుభ్రమైనట్టు. టిక్ గడి అసలే రాకపోతే మిగిలింది విండోస్‌తోపాటు వచ్చిన డ్రైవర్, దాన్ని అలాగే ఉంచండి.

ఇదంతా అయ్యేదాకా వైఫై కలపొద్దు, కేబుల్ పెట్టొద్దు. నెట్ అందిన మరుక్షణం విండోస్ తనకు తోచిన డ్రైవర్ తెచ్చేసుకుంటుంది.

కొత్తది ఎక్కించడం

మామూలుగా రీస్టార్ట్ చేసి, పెన్‌డ్రైవ్ నుంచి డ్రైవర్ ఎక్కించి, మళ్లీ రీస్టార్ట్ చేయండి. నెట్ కలిపిన వెంటనే సెట్టింగ్స్‌లో అప్‌డేట్‌లకు కొన్ని వారాలు పాజ్ పెట్టాలి. అన్నిటికంటే కొత్త వెర్షనే మంచిదన్న నమ్మకం వదిలేయండి. కొత్తదాంతో చెడితే దానికి ముందుదే సరైనది. పెన్‌డ్రైవ్‌లో ఏదీ పనిచేయకపోతే ఆండ్రాయిడ్ ఫోన్‌ను కేబుల్‌తో కలిపి యూఎస్‌బీ టెథరింగ్ (ఫోన్ నెట్‌ను కేబుల్ ద్వారా కంప్యూటర్‌కు ఇచ్చే సెట్టింగ్) పెట్టండి. దానికి వైఫై డ్రైవర్‌తో పనిలేదు, కాబట్టి మిగతా వెర్షన్లు దించుకోవచ్చు.

స్లీప్ నుంచి లేచేటప్పుడే క్రాష్ అయ్యే మెషిన్లలో, కార్డు ప్రాపర్టీస్‌లో పవర్ మేనేజ్‌మెంట్ ట్యాబ్ ఉంటే, కరెంటు ఆదా కోసం ఈ డివైస్‌ను ఆపొచ్చు అన్న టిక్ తీసేయండి.

ఇక పరీక్ష. పెద్ద ఫైలు ఒకటి దించుతూ వీడియో నడపండి. మూత మూసి స్లీప్‌లో పెట్టి లేపండి. హాట్‌స్పాట్‌కు, ఇంటి వైఫైకి మార్చి మార్చి కలపండి. రెండు రోజులు నిలిస్తే సమస్య పోయినట్టే. అన్ని వెర్షన్లూ అయిపోయి ఇంకా అదే ఫైలు పేరు వస్తోందంటే కార్డే పోయి ఉండొచ్చు. డివైస్ మేనేజర్‌లో దాన్ని డిజేబుల్ చేసి, ఒక యూఎస్‌బీ వైఫై డాంగిల్ పెట్టుకోండి.