ఇంజన్ ఆయిల్ డబ్బాను చదవడం – 3వ పాఠం: గుండ్రని ముద్ర, జాసో గుర్తు

10డబ్ల్యు-30, 20డబ్ల్యు-50 వంటి అంకెలు నూనె చిక్కదనాన్ని మాత్రమే తెలుపుతాయని గత పాఠంలో చూశాము. చిక్కదనం ఒకటే అయినంత మాత్రాన రెండు నూనెలు ఇంజన్‌ను ఒకే విధంగా కాపాడవు. ఆ తేడాను తెలిపే గుర్తులే ఈ పాఠానికి విషయం. మీ మోటర్‌సైకిల్‌కు వాడుతున్న నూనె డబ్బాను, బండితో పాటు ఇచ్చిన ఓనర్స్ మాన్యువల్‌ను ఎదురుగా పెట్టుకుని చదవండి.

మొదట డబ్బాపై గుండ్రని ముద్ర కోసం చూడండి. ఇది అమెరికన్ పెట్రోలియం ఇన్‌స్టిట్యూట్, అంటే ఏపీఐ, ఇచ్చే ముద్ర. అమెరికాలో దీనిని డోనట్ అంటారు. గారె ఆకారంలో ఉంటుందని మనం గుర్తుపెట్టుకోవచ్చు. మధ్య భాగంలో చిక్కదనం, చుట్టూ ఉన్న వలయంలో పైన నాణ్యతా తరగతి ఉంటాయి. వలయం కింది సగంలో కొన్ని నూనెలకు ‘రిసోర్స్ కన్సర్వింగ్’ అన్న మాటలు ఉంటాయి. కొన్నింటికి ఆ చోటు ఖాళీగా ఉంటుంది. ఆ ఖాళీ లోపమేమీ కాదు. అది మోటర్‌సైకిల్ యజమానికి ఎందుకు మేలో కాసేపట్లో తెలుస్తుంది.

పెట్రోలు ఇంజన్ తరగతులు ‘ఎస్’ అక్షరంతో మొదలవుతాయి. రెండవ అక్షరం ముందుకు వెళ్లేకొద్దీ ప్రమాణం కొత్తది: ఎస్‌ఎల్ 2001లో, ఎస్‌ఎమ్ 2004లో, ఎస్‌ఎన్ 2010లో, ఎస్‌పి 2020లో, ఎస్‌క్యూ 2025లో వచ్చాయి. ఈ వరుసలో కొత్త తరగతి పాతదాని పనిని కూడా చేస్తుంది కనుక, మాన్యువల్ ఎస్‌ఎల్ అడిగినప్పుడు ఎస్‌ఎన్ పోయవచ్చు. ఎస్‌ఎన్ అడిగినప్పుడు ఎస్‌ఎల్ పోయకూడదు. ఎస్‌ఎఫ్ నూనె 1988 తరువాత తయారైన చాలా పెట్రోలు కార్లకు తగదని ఏపీఐ స్వయంగా చెబుతుంది. కాబట్టి ‘ఎస్’ కనబడగానే తృప్తి పడకుండా పక్క అక్షరాన్ని కూడా చదవాలి.

ఇక్కడ చాలామంది గమనించని సంగతి ఒకటి ఉంది. ‘ఏపీఐ ఎస్‌ఎన్ ప్రమాణాన్ని అందుకుంటుంది’ అని అక్షరాలలో అచ్చువేయడం వేరు, గుండ్రని ముద్రను వేయడం వేరు. మొదటిది తయారీదారు తానుగా చెప్పుకునే మాట. రెండవదానికి ఏపీఐ నుంచి లైసెన్సు ఉండాలి. ఆ సంస్థ దుకాణాల నుంచి నమూనాలను కొని పరీక్షింపజేస్తుంది, లైసెన్సు పొందిన నూనెల జాబితాను అందరూ వెతుక్కునేలా ఉంచుతుంది. ముద్ర లేని ప్రతి నూనే చెడ్డదని నేను అనను. అయితే ముద్ర ఉన్నప్పుడు ఆ మాటను సరిచూసే మూడవవారు ఒకరున్నారు.

ఇక మోటర్‌సైకిల్‌కు అసలు కీలకమైన గుర్తు జపాన్ వాహన ప్రమాణాల సంస్థ అయిన జాసోది. కారులో ఇంజన్ నూనె క్లచ్‌ను తాకదు. మన గేరు బండ్లలో ఎక్కువ వాటికి ఇంజన్, గేర్లు, క్లచ్ ప్లేట్లు అన్నిటికీ ఒకే నూనె; ప్లేట్లు ఆ నూనెలో తడుస్తూనే ఒకదానినొకటి పట్టుకోవాలి. ‘రిసోర్స్ కన్సర్వింగ్’ నూనెలలో ఇంధనం ఆదా కావడానికి రాపిడిని తగ్గించే రసాయనాలు కలుపుతారు. ఇంజన్‌కు మేలు చేసే ఆ జారుడుతనమే క్లచ్ పట్టును సడలించవచ్చు. అప్పుడు యాక్సిలరేటర్ తిప్పితే ఇంజన్ మోత పెరుగుతుంది గాని, బండి అందుకు తగినట్లు ముందుకు సాగదు. ఘాట్ రోడ్డు ఎక్కేటప్పుడు, ఇద్దరు కూర్చున్నప్పుడు ఇది బాగా తెలుస్తుంది. కారు సర్వీసింగ్‌లో మిగిలిన ఖరీదైన నూనెను ప్రేమగా తమ బండిలో పోసి, ఆ తరువాత క్లచ్ ప్లేట్లు మార్పించుకున్నవారిని నేను చూశాను.

ఈ అవసరం కోసమే జపాన్‌లో 1998లో నాలుగు స్ట్రోకుల మోటర్‌సైకిల్ నూనెలకు జాసో టి903 ప్రమాణాన్ని ఏర్పరచారు. ఎమ్‌ఎ అంటే తడి క్లచ్‌కు తగిన రాపిడి ఉన్న నూనె. అందులోనే ఎక్కువ రాపిడి గలది ఎమ్‌ఎ2. ఎమ్‌బి అంటే రాపిడి తక్కువ. గేర్లు మార్చనక్కరలేని స్కూటర్లలో క్లచ్ నూనెకు దూరంగా, పొడిగా ఉంటుంది కనుక వాటిలో చాలా వాటికి ఎమ్‌బి సరిపోతుంది, తయారీదారులు అడిగేదీ తరచుగా అదే. ఇంట్లో స్కూటర్, మోటర్‌సైకిల్ రెండూ ఉన్నవారు ఒకే డబ్బాను రెండింటికీ వాడకముందు ఈ రెండు అక్షరాలను తప్పక చూడాలి.

అభ్యాసం: ఒక గేరు బండి మాన్యువల్ ‘10డబ్ల్యు-30, ఏపీఐ ఎస్‌ఎల్ లేదా అంతకన్నా కొత్తది, జాసో ఎమ్‌ఎ’ అని అడుగుతోంది. దుకాణంలో రెండు డబ్బాలున్నాయి. మొదటిది 10డబ్ల్యు-30, ఎస్‌పి, రిసోర్స్ కన్సర్వింగ్, జాసో గుర్తు లేదు. రెండవది 10డబ్ల్యు-30, ఎస్‌ఎన్, జాసో ఎమ్‌ఎ2. ఏది తీసుకుంటారో, మిగిలినదానిని ఎందుకు వదిలేశారో కారణంతో సహా రాసి ఉంచండి. జవాబుతో మొదలుపెట్టి, 4వ పాఠంలో డీజిల్ నూనెల ‘సి’ తరగతులను చదువుదాము; అక్కడ కొత్తది పాతదాని స్థానంలో కొన్నిసార్లు పనికిరాదు.